పింగాణీ తలల బడిలో

సుత్తి మీకంటే బరువు. రెండు చేతులా పిడి పట్టుకుని నేల మీద ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. చెక్క నేలని ఇనుము గీరుతున్న చప్పుడు హెడ్‌ఫోన్స్‌లో చెవులు కోసేస్తోంది. వదిలేస్తే చేతులు ఖాళీ. పట్టుకుంటే పరుగు లేదు. ఏది కావాలో తేల్చుకోండి, తొందరగా.

మీ పేరు మోనో. చిన్నపిల్లాడు. తల మీద కాగితపు సంచి. ఇందాకటిదాకా సిక్స్ అనే పాప మీ పక్కనే ఉంది. కంట్రోలర్ మీద ఒక బటన్ నొక్కి ఉంచితే ఆమె చెయ్యి మీ చేతిలోకి వచ్చేది. ఇద్దరూ సముద్రంలో ఒక తలుపు చెక్క ఎక్కి ఈ ఊరికి కొట్టుకొచ్చారు. బడిలోకి వచ్చిన కాసేపటికే ఆమెను లాక్కుపోయారు. ఇప్పుడు అదే బటన్ నొక్కితే చేతికి ఏమీ తగలదు. ఆ వెలితి వేలికి తెలుస్తుంది.

లాక్కుపోయింది భూతాలేం కాదు, తోటి పిల్లలే. బడి బట్టలు, పింగాణీ తలలు, ఆ తలల మీద గీసిపెట్టిన ముఖాలు. ఆటలో వాళ్లని బుల్లీలు అంటారు. స్వీడన్‌లోని మాల్మోలో ఉండే టార్సియర్ స్టూడియోస్ తయారుచేసిన ‘లిటిల్ నైట్‌మేర్స్ 2’ ఇది. బాందాయ్ నామ్కో 2021 ఫిబ్రవరిలో విడుదల చేసింది. ఆటలో మాటలు దాదాపు లేవు. ఇక్కడ ఎవరూ మీకు నీతి చెప్పరు. నాకు అన్నిటికంటే నచ్చింది అదే.

వరండాలో ఎవరూ లేరు. అడుగు వేశారు. తాడు కదిలింది. చీకట్లోంచి ఏదో బరువు ఊగుతూ వచ్చింది. చచ్చారు.

మళ్లీ నాలుగడుగుల వెనక లేచారు. ఈసారి నేల చూసుకుంటూ నడుస్తున్నారు. హాస్టల్లో చదివినవాళ్లకి ఈ నడక కొత్త కాదు. గది తలుపు ఓరగా తెరిచి ఉంటే, లోపలికి వెళ్లేముందు పైకి చూడటం అలవాటైపోయినవాళ్లు మనలో ఎంతమంది! ఉచ్చు పెట్టినవాడు కనబడడు. వాడు ఎక్కడో నవ్వుకుంటున్నాడని మాత్రం తెలుస్తుంది. భయపెట్టడానికి ఇంతకంటే పెద్ద దెయ్యం అక్కర్లేదు.

మూల తిరిగారు. ఒకడు మీ మీదికే వస్తున్నాడు. సుత్తి ఎత్తండి. అది పైకి లేవడానికే ఒక క్షణం పడుతుంది. ముందే ఎత్తితే గాలికి తగులుతుంది, ఆలస్యమైతే వాడి చేతులు మీ మీద ఉంటాయి. ఇప్పుడు. తల భళ్లున పగిలింది. ముక్కలు నేలంతా చెల్లాచెదురయ్యాయి. లోపల ఏమీ లేదు. ఉత్త డొల్ల.

ఇంకొకడు. వాడి వెనకే మరొకడు. ఒకణ్ణి కొట్టారు. రెండోవాడికి తగల్లేదు. చచ్చారు. మళ్లీ అదే మూల, అదే సుత్తి.

ఎందుకు తగల్లేదు? తెర మీద గది పక్కనుంచి కనిపిస్తుంది. కానీ లోపల దానికి లోతు ఉంది. వాడు మీకు సూటిగా ఎదురున్నాడనుకున్నారు, నిజానికి అరడుగు అవతల ఉన్నాడు. ఇది ఆట పెట్టిన పరీక్ష కాదు, ఆటలోని లోపం. నాలుగైదుసార్లు చచ్చేసరికి భయం ఎగిరిపోయి విసుగు మిగులుతుంది. హారర్ ఆటకి అంతకంటే నష్టం లేదు.

నన్ను ఇంకా ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఆ డొల్ల తల. తల బోలుగా ఉంటే పగలగొట్టడానికి చేతులు వెనకాడవు. కాసేపటికి ఉట్టి కొట్టినట్టే ఉంటుంది, సరదాగా కూడా ఉంటుంది. మరి నిజం బడిలో ఏడిపించేవాడి తల డొల్లా? వాడికో ఇల్లుంది, ఇంట్లో వాణ్ణి కొట్టేవాడో, వాడికి దడిపించడం నేర్పినవాడో ఉంటాడు. చుట్టూ చేరి నవ్వే నలుగురుంటారు. ఆటలో వాళ్లంతా ఒకే అచ్చులో పోసిన బొమ్మలు. కష్టమైన సగాన్ని పక్కనపెట్టి సుత్తి చేతికిచ్చారు.

ఆ మాట అనుకుంటూనే తరగతి గదిలోకి దూరతారు. కింద పాకుతున్నారు. పైన బెంచీల నిండా వాళ్లే. టీచరు బోర్డు మీద రాస్తోంది, వీపు ఇటు. ఆ వీపు కనబడినంతసేపే గోల, అల్లరి. తిరగ్గానే అందరూ బుద్ధిమంతులు. ఆవిడ ముఖం మీద కదలని నవ్వు. బెత్తం ఉన్న గదిలో క్రూరత్వం ఎక్కడ బతుకుతుందో ఒక్క ముక్క చెప్పకుండా చూపించారు. పిల్లల తలల్లో పెట్టనిది ఈ గదిలో పెట్టారన్నమాట.

ఇక ముందుకి దారి వాళ్ల గుంపులోంచే. ఎలా? నేల మీద పగిలిన తల ఒకటుంది. వాళ్లదే. తీసి తొడుక్కోండి. వేరే దారి లేదు. మీ కాగితపు సంచి స్థానంలో వాళ్ల ముఖం. మధ్యలోంచి నడుస్తున్నారు. ఎవరూ పట్టించుకోవడం లేదు. ఊపిరి తేలికైంది, కదూ? ఆ తేలికే భయంగా ఉంది. క్లాసులో ఒకణ్ణి అందరూ ఏడిపిస్తుంటే, తర్వాతి వంతు తనది కాకూడదని పళ్లికిలించిన ప్రతివాడూ ఈ తల తొడుక్కున్నవాడే. ఆట మొత్తంలో ఇంతకు మించిన చోటు నాకు కనబడలేదు.

సిక్స్ దొరికింది. తలకిందులుగా వేలాడదీశారు. విడిపించండి. చెయ్యి అందుకోండి.

చప్పుడైంది.

టీచరు విన్నది. ఒళ్లు కదల్లేదు. మెడ కదిలింది. సాగుతోంది. గోడలోని గాలిగొట్టంలో దూరారు. మెడ కూడా దూరింది. వెనక్కి చూడకండి. ఎడమకి. దూకండి. పాకండి. ఆ నవ్వు దగ్గరవుతోంది. ఇంకొంచెం. దూకండి!

బయటపడ్డారు. వాన. సిక్స్ పక్కనే ఉంది.

ఆట అంతా కలిపి ఐదారు గంటలు, బడి అందులో రెండో అధ్యాయం. కొట్లాటలు తగ్గించి, ఆ ముసుగు నడకని ఇంకాస్త సాగదీసి ఉంటే ఏడిపింపుల మీద వచ్చిన హారర్ ఆటల్లో దీన్ని మొదట చెప్పేవాణ్ణి. ఇప్పుడున్నట్టుగా కూడా కొని ఆడదగ్గదే. పదేళ్ల పిల్లల చేతికి మాత్రం ఇవ్వకండి. హైస్కూలు పిల్లలు ఆడుతుంటే పక్కన కూర్చోండి. సుత్తి దగ్గర ఏమీ అనకండి, ఆ తల తొడుక్కునే చోట మాత్రం ఆట ఆపి, వాళ్ల క్లాసులో ఎలా ఉందో అడగండి.