జోడీ దిగితే మీరూ దిగాలి

తెల్లవారుజామున రెండున్నర. లేచి కూర్చోగానే మీ తల టెంటు గుడ్డకు తగులుతుంది, మంచుపొడి మెడ మీద రాలుతుంది. అది మీ ఊపిరే. రాత్రంతా ఇద్దరు విడిచిన ఊపిరి గుడ్డకు పట్టి గడ్డకట్టింది. స్లీపింగ్ బ్యాగులోంచి చెయ్యి బయట పెట్టబుద్ధి కాదు. బయట లీడరక్క గొంతు: "లేవుండ్రి, చాయ్ అయింది. పావుగంటల లైన్ కట్టాలె."

మీరు ఉత్తరాఖండ్‌లో, కేదార్‌కంఠ బేస్ క్యాంపులో ఉన్నారు. ఎత్తు 11 వేల అడుగుల పైనే. జనవరి నెల. హైదరాబాద్ నుంచి ట్రెక్కింగ్ క్లబ్బుతో వచ్చారు. డెహ్రాడూన్ నుంచి సాంక్రీ ఊరిదాకా దాదాపు 200 కిలోమీటర్లు, రోజంతా జీపులో ఘాట్ రోడ్డు. అక్కడి నుంచి దేవదారు అడవిలో నడక, గడ్డకట్టిన జూడా కా తాలాబ్ చెరువు పక్కన ఒక రాత్రి. ఇవాళ శిఖరం, సుమారు 12,500 అడుగులు.

స్లీపింగ్ బ్యాగు అడుగున తడిమి హెడ్‌ల్యాంపు తీస్తారు. చలికి బ్యాటరీ చచ్చిపోతుందని దాన్ని ఒంటికి ఆనించుకుని పడుకున్నారు. నీళ్ల సీసా తలకిందులుగా ఉంది. నీళ్లు పైనుంచి గడ్డకడతాయి కాబట్టి మంచు అడుగువైపు పట్టింది, మూత సులువుగా తిరిగింది. ఒక గుక్క తాగుతారు. పళ్లు జివ్వుమంటాయి.

పక్కన బాబాయ్ అప్పటికే బూట్లు బిగిస్తున్నారు. నూజివీడు మనిషి. సొంత బాబాయ్ కాదు, క్లబ్బులో అందరికీ బాబాయే. ఆయన నోరు ఊరుకోదు. మామిడితోట గురించి చెప్పడం మొదలుపెడితే కొండ ఎక్కి దిగేదాకా చెబుతారు. "ఇది పూత టైము. తేనెమంచు పురుగు పట్టిందంటే అయిపోయినట్టే. నేనేమో ఇక్కడ మంచులో కూర్చున్నా, చూడు." మీరు నవ్వుతారు. ఈ ట్రెక్‌లో మీ జోడీ ఆయనే.

బయట అక్క ఒక్కొక్కరి మెడ దగ్గర టార్చి వేసి చూస్తోంది. "డౌన్ జాకెట్లు తీసి బ్యాగుల పెట్టుండ్రి. చలిగనే బయల్దేరాలె."

ఈ చలిలో జాకెట్ తీయడమేంటి? పది నిమిషాలు ఎక్కితే ఒళ్లు దానంతటదే వేడెక్కుతుంది. జాకెట్ ఉంటే చెమట పడుతుంది. ఆ చెమట ఆగిన చోట, గాలి తగిలిన క్షణాన, ఒంట్లో వేడినంతా లాగేస్తుంది. మీరు వణుకుతూనే జాకెట్ తీసి బ్యాగులో కుక్కుతారు. బాబాయ్ జిప్పు సగం కిందికి లాగి, అక్క అటు తిరగగానే మళ్లీ పైకి లాగుతారు.

మీరు చూశారు. చెప్పాలా? పెద్దాయన. నలుగురి ముందు ఎలా చెబుతారు? ఊరుకుంటారు.

బూట్ల కింద మైక్రోస్పైకుల గొలుసు తగిలించుకుని లైన్లో నడక మొదలుపెడతారు. ముందు గైడు, వెనక అక్క. మీ లోకమంతా హెడ్‌ల్యాంపు వెలుగు పడినంత మేరే: ముందున్నవాళ్ల మడమలు, మంచులో వాళ్లు తొక్కిన గుంతలు. ఆ గుంతల్లోనే మీ కాలు వెయ్యాలి. కరకర, కరకర. వెనక నుంచి బాబాయ్ మాట వినిపిస్తూనే ఉంది. చిన్నరసాలు, పెద్దరసాలు, కిందటేడు వచ్చిన ధర.

చెట్లు అయిపోతాయి. ఆ సంగతి కంటికన్నా ముందు చెవికి తెలుస్తుంది. గాలి. ఇంతసేపూ దేవదార్లు అడ్డుకున్న గాలి ఇప్పుడు సూటిగా ముఖానికి కొడుతోంది. నాలుగడుగులకు ఒకసారి ఆగాల్సి వస్తోంది. ఈ ఎత్తులో ఒక్కో ఊపిరికి అందే ప్రాణవాయువు సముద్రమట్టంలో అందేదాంట్లో మూడింట రెండొంతులే. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది.

రిడ్జి మీదికి చేరగానే లైను ఆగిపోతుంది.

"ఆగే జామ్ హై," అంటాడు గైడు. సెలవుల సీజను. మీ ముందు ఇంకో రెండు మూడు బృందాలున్నాయి. పైన నిటారు మంచు, ఒక్కొక్కరే ఎక్కాలి. చీకట్లో దీపాల వరుస కదలకుండా నిలబడిపోయింది. మీరూ నిలబడతారు. ఐదు నిమిషాలు. పది. మైనస్ 10 డిగ్రీల చలికి గంటకు 40 కిలోమీటర్ల గాలి తోడైతే ఒంటికి తెలిసేది దాదాపు మైనస్ 20. కాలివేళ్లు బూటులోపల ఆడిస్తూ ఉంటారు. బ్యాగులోంచి జాకెట్ తీసి వేసుకుంటారు. పొడిగా, వెచ్చగా ఉంది. ప్రాణం లేచొస్తుంది.

అప్పుడు తడుతుంది. బాబాయ్ మాట వినిపించి చాలాసేపయింది.

వెనక్కి తిరుగుతారు. మీ వెలుగు ఆయన ముఖం మీద పడుతుంది. ఆయన కళ్లు చికిలించరు. జాకెట్ ఒంటిమీదే ఉంది. మెడ దగ్గర దాని అంచు తడిసి, గడ్డకట్టి, అట్టలా నిలబడింది. గ్లోవు ఒకటి తీసేశారు. జిప్పు పట్టుకోబోతున్నారు. వేళ్లు జిప్పు పక్కనుంచి జారిపోతున్నాయి. మళ్లీ పట్టుకుంటారు. మళ్లీ జారుతుంది.

"బాబాయ్, ఈసారి పూత ఎలా ఉంది?"

ఆయన మీవైపు చూస్తారు. పెదవులు కదలడానికి టైము పడుతుంది.

"ఏం పూత?"

మీ కడుపులో ఏదో జారుతుంది.

ఈ గుర్తులు మీకు తెలుసు. తడబడే అడుగు. ముద్దగా వచ్చే మాట. మాట వినని వేళ్లు. కారణం లేని విసుగు. ఒంటి వేడి 35 డిగ్రీల కిందికి జారుతోందనడానికి ఇవి తొలి గుర్తులు. వణుకు ఇంకా ఉంది. అదే ధైర్యం. ఆ వణుకు ఆగిపోతే పరిస్థితి చాలా ముదిరినట్టు.

"నాకేం లేదు. పదండి," అంటారాయన. చిరాగ్గా.

పైన లైను కదిలింది. తూర్పున సన్నటి ఎర్రగీత. శిఖరం ఇంకో ముప్పావుగంట. దీని కోసం కొన్ని నెలలుగా పొద్దున్నే లేచి మెట్లెక్కారు. ఆఫీసులో సెలవు కోసం బతిమాలారు. ఒక ఆలోచన మెల్లగా తలలోకి దూరుతుంది. ఆయన్ని ఈ రాయి చాటున కూర్చోబెట్టి, పైకెళ్లి, తిరిగొచ్చేటప్పుడు తీసుకెళితే?

బాబాయే అందిస్తారు ఆ మాట: "నువ్వెళ్లు. నేనిక్కడ కూర్చుంటా."

పెద్దాయన మాట. కాదనగలరా?

నిన్న రాత్రి డైనింగ్ టెంటులో అంత్యాక్షరి అయ్యాక అక్క గ్లాసు కింద పెట్టి చెప్పింది. "జోడీని ఇడిసిపెట్టొద్దు. ఒకరు దిగితే ఇద్దరూ దిగాలె, గైడుతోని. తొమ్మిదింటికి ఏడ ఉన్నా వెనక్కి తిరగాలె." ఒక్కొక్కరి చేతా సరేననిపించింది. ఎందుకో కూడా చెప్పింది. 2024 జూన్‌లో, ఇదే ఉత్తరాఖండ్ కొండల్లో, సహస్రతాల్ ట్రెక్‌కి వెళ్లిన 22 మంది బృందం మంచుగాలిలో చిక్కుకుంది. 9 మంది ప్రాణాలు పోయాయి. అది చెప్పాక టెంటులో ఎవరూ మాట్లాడలేదు. పైన చలికి, ఆయాసానికి బుర్ర మొండికేస్తుంది, అందుకే నిర్ణయం కింద వెచ్చగా ఉన్నప్పుడే తీసుకోవాలంది అక్క.

నిర్ణయం నిన్ననే అయిపోయింది. ఇప్పుడు నోరు విప్పడమొక్కటే మిగిలింది.

"అక్కా! బాబాయ్ దిగాలి. నేనూ దిగుతున్నా."

అరుస్తారు. గాలిలో అరిస్తేనే వినిపిస్తుంది.

అక్క వచ్చేస్తుంది. ఒక్క చూపు చాలు. "నలుగురు రాండ్రి. గాలికి అడ్డం నిలబడుండ్రి." నాలుగు వీపులు గోడ కడతాయి. బ్యాగు మంచు మీద పరుస్తారు. ఆయన్ని దాని మీద కూర్చోబెడతారు. జిప్పు మీరు లాగుతారు. లోపల కాటన్ బనియన్, పిండితే నీళ్లు కారేలా ఉంది. తీసేస్తారు. పొడి థర్మల్ తొడుగుతారు. అక్క జాకెట్ ఆయన మీదికి. మంకీ క్యాప్. గ్లోవులు.

పక్కనుంచి వెళుతున్న ఇంకో బృందంలో ఎవరో చిన్న సీసా చాచుతారు. "రమ్, రెండు గుక్కలు."

"వద్దు," అంటుంది అక్క. మందు రక్తనాళాలను వెడల్పు చేస్తుంది. వెచ్చగా అనిపిస్తుంది, లోపలి వేడి మాత్రం తోలు మీదికొచ్చి గాలికి పోతుంది. ఫ్లాస్కులోంచి చక్కెర వేసిన వేడినీళ్లు. మీరే పట్టిస్తారు. గుక్క. ఆగు. ఇంకో గుక్క. చేతులు రుద్దబోతారు. అక్క ఆపుతుంది. రుద్దకూడదు, కప్పాలంతే.

"లేవగలరా బాబాయ్?"

తలూపుతారు.

దిగుడు. ముందు రెండో గైడు, మధ్యలో బాబాయ్, వెనక మీరు, ఆయన బ్యాగు పట్టీ మీ గుప్పిట్లో. మంచు రాయిలా ఉంది. మడమ గుచ్చాలి. బరువు వెయ్యాలి. అప్పుడు రెండో మడమ.

ఆయన కాలు జారుతుంది.

పట్టీ బిగుసుకుంటుంది. మీ భుజం గుంజుకుపోతుంది. మీ స్పైకులు గీసుకుంటాయి. ఒక అడుగు. రెండు. ఆగాయి.

గైడు కింద నుంచి ఆయన నడుం పట్టుకున్నాడు. ముగ్గురూ కదలరు. ఊపిరి. ఊపిరి.

"ధీరే ధీరే," అంటాడు గైడు.

మళ్లీ మడమ.

ఎండ వస్తుంది. ఎదురుగా స్వర్గారోహిణి మొదట గులాబీ రంగులోకి, తర్వాత బంగారంలోకి మారుతుంది. పాండవులు స్వర్గానికి నడిచిన దారి అదేనని ఇక్కడివాళ్ల నమ్మకం. ఆ కథలో ద్రౌపది, తమ్ముళ్లు ఒక్కొక్కరే పడిపోతుంటే ధర్మరాజు వెనక్కి తిరిగి చూడకుండా నడుస్తాడు. మనుషులు చేయాల్సిన పని మాత్రం వెనక్కి తిరిగి చూడటమే.

చెట్లలోకి వచ్చేసరికి గాలి ఆగుతుంది. ఇంకాసేపటికి బాబాయ్ గొంతు సవరించుకుంటారు. "మావాడికి ఫోన్ చేసి మందు కొట్టించమనాలి. ఆ పురుగు..." మీకు ఏడుపు, నవ్వు ఒకేసారి వస్తాయి. చెప్పనిస్తారు. రసాల నుంచి బంగినపల్లి దాకా, మొత్తం.

పదిన్నరకు మిగతావాళ్లు దిగివస్తారు. ముఖాలు ఎండకు కమిలి, వెలిగిపోతున్నాయి. శిఖరం మీద త్రిశూలం, చుట్టూరా బందర్‌పూంచ్, కాలానాగ్. ఫొటోలు చూపిస్తారు. మీకు బాధేస్తుంది. వెయ్యకుండా ఎలా ఉంటుంది? కానీ బాబాయ్ పక్కన కూర్చుని రెండో గ్లాసు చాయ్ అడుగుతున్నారు, చక్కెర చాల్లేదంటున్నారు.

ఆయనకేదో అయిందని చీకట్లో మీకు చెప్పినది ఏ పరికరం? శాటిలైట్ ఫోను కాదు, వాతావరణ సూచన కాదు. ఆయన ఎంత మాట్లాడతారో మీకు తెలుసు, అంతే. అది సాంక్రీలో తెలియలేదు. అనంతగిరి కొండల పొగమంచులో, క్లబ్బు ఆదివారం నడకల్లో తెలిసింది. మాలావత్ పూర్ణ 2014లో 13 ఏళ్లకే ఎవరెస్ట్ ఎక్కకముందు సాధన చేసిన భువనగిరి గుట్ట మీద, తాడు కట్టుకుని వంతు కోసం కూర్చున్నప్పుడు తెలిసింది. మేడ మీద సంక్రాంతి భోజనాల్లో, అక్క తెచ్చిన సకినాలు, బాబాయ్ ఇంటి అరిసెలు పంచుకుంటున్నప్పుడు తెలిసింది. క్లబ్బు కబుర్లు కాలక్షేపమనుకుంటాం. ఒక మనిషి మామూలుగా ఎలా ఉంటాడో తెలిసేది ఆ కబుర్లలోనే. మామూలు తెలియనివాళ్లకు తేడా తెలియదు.

వచ్చే ఆదివారం మళ్లీ అనంతగిరి. కొత్తగా చేరినవాళ్లలో ఒకమ్మాయి ఎవరితోనూ కలవకుండా చివర్న నడుస్తోంది. నెమ్మదించి ఆమె పక్కకు వెళ్లండి. ఏ ఊరో అడగండి. పొద్దున ఏం తిన్నదో అడగండి. అలిస్తే నోరు మూసుకునే మనిషో, గలగలా మాట్లాడే మనిషో కనిపెట్టండి. మీ సంగతీ చెప్పండి, ఏదీ దాచకుండా. వచ్చే చలికాలం ఆమె మీ జోడీ కావచ్చు. మీరు గుర్తుపట్టాల్సి రావచ్చు. లేదా ఆమె మిమ్మల్ని గుర్తుపట్టాల్సి రావచ్చు.