పుస్తకము చూపిన త్రోవ



మనుష్యుడు తన పుట్టుకకొక ప్రయోజనము కలదని యెట్లు తెలిసికొనును? విద్యవలన నని కొందరందురు. ఆశవలన నని మరికొందరందురు. విద్య కలిగియు ఆశ లేనివాడు దీపము చేతబట్టి గడపయందే కూర్చున్నవాని వంటివాడు. ఆశ కలిగియు విద్య లేనివాడు చీకటిలో గట్టు వెంబడి నడువబూనినవాని వంటివాడు. ఈ రెండును కూడినచో నేమి జరుగునో చూచుటకు దూరదేశములకు పోనక్కరలేదు. మన తెలంగాణ గ్రంథాలయోద్యమ చరిత్రయే అందులకు సాక్ష్యము.

నిజాము రాజ్యమున దాదాపు సగము మందికి తెలుగు మాతృభాష. అయినను కచ్చేరీలోను, న్యాయస్థానమునందును, ప్రభుత్వ పాఠశాలలందును ఉర్దూ నడుచుచుండెను. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమునందును బోధనాభాష ఉర్దూయే. ఉర్దూ సంపన్నమైన భాష. ఒక దేశభాషలో ఉన్నత విద్య నేర్పుట యును గొప్ప కార్యమే. లోపము భాషలో లేదు. ఇంట నొక భాషయు, బడిలో నొక భాషయు నైనందున పల్లెటూరి తెలుగు బాలునికి చదువు పరాయిదిగా తోచెడిది. 1951 జనాభా లెక్కలనాటికి గూడ హైదరాబాదు రాజ్యమున అక్షరాస్యులు నూటికి పదిమందియైనను లేరు. చదువు మనకు కాదు, దొరలకును ఉద్యోగులకును అనుకొనుట వాడుకయైపోయెను. అక్షరము లేకపోవుట కంటె ఈ నిరాశయే పెద్ద కరవు.

ఈ కరవు తీర్చుటకు మొదటి ప్రయత్నము 1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదు నగరమున జరిగెను. కొమర్రాజు లక్ష్మణరావుగారు, మునగాల రాజాగారైన నాయని వేంకటరంగారావుగారు, రావిచెట్టు రంగారావుగారు మొదలగువారు కలిసి శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయమును నెలకొల్పిరి. మూడేండ్లకు హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్రభాషానిలయము వెలసెను. రాజ్యాధికారము లేనివారు, సేనలు లేనివారు, ఒక గదిలో కొన్ని పుస్తకములు పేర్చి తలుపులు తెరచియుంచిరి. వారు చేసిన ఘనకార్యమింతియే. కాని అది చాలెను.

లక్ష్మణరావుగారు అంతటితో నాగక 1906లో విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించిరి. ఆ మండలి మొట్టమొదట ప్రకటించిన గ్రంథమేదియో యెరుగుదురా? పురాణము కాదు, ప్రబంధము కాదు. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు వ్రాసిన అబ్రహాము లింకను చరిత్రము. లింకను కట్టెల గుడిసెలో పుట్టెను. ఆయన బడికి పోయిన దినములన్నియు కలిపినను ఒక సంవత్సరము నిండదు. ఎరువు తెచ్చుకొన్న పుస్తకములు చదివి, న్యాయవాదియై, అమెరికా దేశాధ్యక్షుడై, బానిసలకు విముక్తి కలిగించెను. తెలుగు పాఠకునికి మొదటి కానుకగా ఇట్టివాని జీవితము నెన్నుకొనుటలో ఒక అంతరార్థము గోచరించుచున్నది. పుట్టుక గీచిన గీతను చదువు దాటించగలదను ఆశ యందులో నున్నది.

ఆశకు పరీక్ష 1921 నవంబరులో వచ్చెను. హైదరాబాదు వివేకవర్ధనీ ప్రాంగణమున మహర్షి కర్వేగారి యధ్యక్షతన సంఘసంస్కరణ సభ జరిగెను. అందు ఆంగ్లము, ఉర్దూ, మరాఠీ భాషలలో ఉపన్యాసములు సాగెను. న్యాయవాది ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటలాడ నారంభింపగా సభలో కొందరు అల్లరిచేసి ఆయనను మాటలాడనీయరైరి. ఆలంపల్లి యను ఆ యింటిపేరు వినగానే మన వికారాబాదు నంటియున్న ఆలంపల్లి మీకు జ్ఞప్తికి రాకమానదు. అవమానము పొందినవారికి రెండు త్రోవలుండును: కోపముతో కొట్లాడుట యొకటి, తలవంచుకొని యింటికి పోవుట యొకటి. తెలుగు ప్రముఖులు మూడవ త్రోవ నెన్నుకొనిరి. ఆ రాత్రియే సమావేశమై ఆంధ్రజనసంఘమునకు పునాది వేసిరి. గ్రంథాలయములు, పాఠశాలలు స్థాపించుట, తెలుగు గ్రంథములను వ్యాపింపజేయుట ఆ సంఘము పనులైనవి. మాడపాటి హనుమంతరావుగారు దానికి ప్రాణమువంటివారైరి.

ఆ సంఘమున పాటుపడినవారిలో మొయినాబాదు చెంతనున్న పెదమంగళారమున 1890లో జన్మించిన కొండా వెంకట రంగారెడ్డిగారొకరు. ఆయన న్యాయవాది, 1936లో షాద్‌నగరున జరిగిన ఆంధ్రమహాసభకు అధ్యక్షులు. తరువాత ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమునకు ఉపముఖ్యమంత్రి యైరి. 2016లో వికారాబాదు జిల్లా ఏర్పడువరకును మన మందరము చిరునామాలో వ్రాసికొన్న రంగారెడ్డి జిల్లా పేరు ఆయనదే.

వీరందరును కొంత కలిమియో చదువో కలవారు గదా, లేనివాని మాటయేమి యని మీరడుగవచ్చును. అందులకు వట్టికోట ఆళ్వారుస్వామిగారి జీవితమే సమాధానము. ఆయన 1915లో నల్లగొండ జిల్లా చెరువు మాధారమున జన్మించెను. బాల్యముననే తండ్రి మరణించెను. ఒక ఉపాధ్యాయుని యింట వంటచేయుచు చదువు నేర్చెను. పిదప విజయవాడలో పూటకూళ్లయింట వడ్డన పని చేసెను. ఆ మీదట హైదరాబాదు చేరి, సురవరం ప్రతాపరెడ్డిగారు 1926లో స్థాపించిన గోలకొండ పత్రికలో అచ్చుతప్పులు దిద్దు పనిలో కుదిరెను. వంటవాని చేతికి అక్షరము వచ్చెను. అక్షరము వెంట లోకము వచ్చెను.

ఇంతటితో నాగినచో ఆయన కథ ఒక పేదవాడు పొట్టపోసికొన్న కథయై యుండెడిది. 1938లో ఆయన దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, ముప్పదికి పైబడిన పుస్తకములు ప్రకటించెను. అచ్చువేసి అంగడిలో నుంచి ఊరకుండలేదు. పుస్తకముల మూటలు మోసికొని ఊరూర తిరిగి పాఠకులను వెదకికొనెను. చెరసాలల పాలైనను చదువు మానలేదు. నిజామాబాదు కారాగారమున ఆయనతో నుండిన మహాకవి దాశరథి తన అగ్నిధార కావ్యమును ఆయనకే అంకితమిచ్చెను. 1955లో ఆళ్వారుస్వామి వ్రాసిన ప్రజల మనిషి యను నవల తెలంగాణ పల్లె బ్రతుకును చిత్రించిన తొలి నవలలలో నొకటి. 1961లో నలుబదియైదేండ్ల ప్రాయముననే ఆయన కన్నుమూసెను.

ఈ చరిత్రమును నిదానించి చూచినచో ఒక సంగతి తేటపడును. ఆళ్వారుస్వామికి లక్ష్యమును ఎవరును బోధింపలేదు. ఒకరు చదువు చెప్పిరి, ఒకరు పుస్తకమిచ్చిరి, ఒకరు పని యిచ్చిరి. ఈ బాలుడు పైకి రాగలడని వారు నమ్మిరి. ఆ నమ్మకమే ఆయనలో ఆశయై, ఆశయే కార్యమై, తిరిగి వేలాది పాఠకులకు చేరెను. కావున ఆశ యనునది తనంత తాను పుట్టునది కాదు. విత్తనమువలె ఒకరి చేతినుండి మరియొకరి చేతికి వచ్చునది.

నేడు మన పల్లెలలో బడి యున్నది. మన్నెగూడ చౌరస్తాలో నిలుచున్నచో పట్టణములలోని కళాశాలలకు పోవు పిల్లలు కనబడుదురు. అక్షరమునకు కరవు లేదు. అయినను నలుబదేండ్లు పాఠములు చెప్పిన వానిగా నొక మాట చెప్పుచున్నాను. పరీక్ష తప్పిన పిల్లవాడు, పట్టా చేతికి వచ్చియు ఉద్యోగము దొరకని యువకుడు, ఇక నాకేమి యున్నదని కూలబడుట నేడును చూచుచున్నాము. విద్యను ఉద్యోగమునకు మాత్రమే ముడివేసినందున ఉద్యోగము రానిచో విద్యయు, ఆశయు రెండును ఒక్కసారే పోవుచున్నవి. అట్టివానికి ఆళ్వారుస్వామి కథ చెప్పువారెవరు? మందలింపు చెప్పువారు చాలమంది యున్నారు.

పెద్దలారా, ఈ పని మనది. మన యింటిపన్నుతో కలిపి గ్రంథాలయ పన్నును గూడ చెల్లించుచున్నాము. ఇది 1960 నాటి గ్రంథాలయ చట్టము వలన వచ్చినది. కనుక గ్రంథాలయము కోరుట యాచన కాదు, మన హక్కు. అది సమకూరులోపల రచ్చబండ చెంత నొక గదియు, ఒక బీరువాయు, నూరు పుస్తకములును కూర్చుట మనకు భారము కాదు. 1901లో వారు మొదలుపెట్టినదియు ఇంతియే. సాయంకాలము దీపము పెట్టి, తలుపు తెరచి, మీలో నొకరు అక్కడ కూర్చుండుడు. ఎవరును రాని దినమున మీరే యొక పుస్తకము తీసి బిగ్గరగా చదువుడు. వీధిన పోవు పిల్లవాడొకడు వినుటకై గడపకడ నిలుచును. వానిని పేరుపెట్టి లోనికి పిలువుడు.