వాషింగ్టన్ వారి ఇంటిపేరు

ఇంగ్లండ్‌కు ఈశాన్యాన, వేర్ నదికి ఉత్తరపు గట్టున వాషింగ్టన్ అనే ఊరుంది. సండర్లండ్ నగరానికి ఆనుకుని ఉంటుంది. పాత లెక్కలో డరం కౌంటీ. తరతరాలుగా బొగ్గు తవ్వి బతికిన ఊరు. గనులు మూతపడ్డాక కూడా ఎఫ్ పిట్ అనే గని తాలూకు ఇంజను ఇంటిని మ్యూజియంగా కాపాడుకున్నారు. 1977 మే నెలలో అమెరికా అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ పనిగట్టుకుని ఈ ఊరికి వచ్చి, ఊరి నడుమ పచ్చికలో ఒక మొక్క నాటి వెళ్లాడు. తన దేశపు రాజధానికీ, ఒక రాష్ట్రానికీ, మొట్టమొదటి అధ్యక్షుడికీ పేరు వచ్చింది ఇక్కడి నుంచే మరి.

మనకు వాషింగ్టన్ అంటే ముందు గుర్తొచ్చేది నగరం. పిల్లలు సియాటిల్ వైపు స్థిరపడ్డ ఇళ్లలో అది రాష్ట్రం. ఆ తర్వాతే జార్జి వాషింగ్టన్ అనే మనిషి. అసలు వరస దీనికి తిరగబడి ఉంటుంది. ముందు మనిషి, ఆ మనిషి పేరు మీద ఊరు, ఊరి పేరు మీద ఇంటిపేరు, ఇంటిపేరు మీద నగరం. మొదట ఉన్న ఆ మనిషి మాత్రం జార్జి కాదు. అతని పేరు హ్వాసా.

పాత ఇంగ్లీషులో ఈ మాట మూడు ముక్కలు. హ్వాసా ఒక మనిషి పేరు. 'ఇంగ్' అంటే అతనికి చెందిన, అతని తాలూకు. 'టూన్' అంటే మొదట కంచె వేసిన దొడ్డి, ఆ తర్వాత దొడ్డీ పొలమూ కలిసిన నివాసం, చివరికి ఊరు. ఇప్పుడు మనం కూడా వాడే 'టౌన్' దాని వారసురాలే. హ్వాసా తాలూకు ఊరన్నమాట. బట్టలు ఉతకడానికీ ఈ పేరుకూ ఏ సంబంధమూ లేదు. దక్షిణాన సస్సెక్స్‌లో ఇంకో వాషింగ్టన్ ఉంది. దాని పుట్టుక వేరు, దానికీ జార్జి కుటుంబానికీ చుట్టరికం లేదు.

ఊరి పేరు ఇంటిపేరు కావడం తెలుగువాళ్లకు ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. కందుకూరు వాళ్లు కందుకూరి వారయ్యారు, వేటూరు వాళ్లు వేటూరి వారయ్యారు. 'ఊరు' కాస్తా 'ఊరి' అయితే చాలు, ఇంటిపేరు సిద్ధం. నార్మన్లు ఏలిన ఇంగ్లండ్‌లో ఈ పనే ఫ్రెంచి 'డ' చేసేది. వాషింగ్టన్‌ను అప్పట్లో వెసింగ్టన్ అనేవారు. విలియం డ వెసింగ్టన్ అంటే వెసింగ్టన్ వారి విలియం. మనం ఇంటిపేరు ముందు చెప్పి మనిషి పేరు తర్వాత చెబుతాం, వాళ్లు మనిషి తర్వాత ఊరు చెబుతారు. ఇంతకన్నా పెద్ద తేడా మరొకటుంది. మనలో ఊరి పేరు ఎక్కువగా ఆ ఊరు విడిచి వచ్చినవాడికి అంటుకుంటుంది. సొంత ఊళ్లో ఉన్నవాణ్ని ఆ ఊరి పేరుతో పిలిచే అవసరం ఎవరికుంటుంది? ఇంగ్లండ్‌లో అలా వచ్చిన పేర్లూ ఉన్నాయి గానీ, భూస్వాముల సంగతి వేరు. ఊరు అతని చేతిలో ఉంది కాబట్టి అతనికి ఆ ఊరి పేరు.

వాషింగ్టన్ల మూలపురుషుడు అలాంటివాడే. పన్నెండో శతాబ్దంలో అతన్ని విలియం డ హార్ట్‌బర్న్ అనేవారు. స్టాక్టన్ దగ్గర హార్ట్‌బర్న్ అనే ఊరు అతని కింద ఉండేది. డరం బిషప్ ఆ ఊరు తీసుకుని బదులుగా వెసింగ్టన్ ఇచ్చాడు. బిషప్ హ్యూ ద ప్యుయిసే 1183లో తన భూములన్నిటికీ రాయించిన బోల్డన్ బుక్ అనే చిట్టాలో ఈ మార్పిడి ఉంది. షరతులు కూడా ఉన్నాయి. విలియం ఏటా నాలుగు పౌండ్ల శిస్తు కట్టాలి, బిషప్ పెద్ద వేటకు వెళ్లినప్పుడు నాలుగు వేటకుక్కలతో హాజరు కావాలి. ఊరు మారింది, దాంతో పాటే పేరూ మారింది. ఆ మార్పిడి జరగకపోయి ఉంటే పొటోమాక్ నది ఒడ్డున ఇవాళ ఉండేది హార్ట్‌బర్న్ నగరం.

అతని సంతతి వంశచిహ్నం తెల్లటి డాలు మీద రెండు ఎర్ర పట్టీలు, వాటి పైన మూడు ఎర్ర నక్షత్రాలు. యార్క్‌షైర్‌లోని సెల్బీ మఠం కిటికీ అద్దాల్లో పద్నాలుగో శతాబ్దంలో పొదిగిన ఆ గుర్తు ఇప్పటికీ కనబడుతుంది. వాషింగ్టన్ నగరం 1938లో తన జెండాగా చేసుకున్నది దీన్నే. అమెరికా జాతీయ జెండా కూడా దీని నుంచే వచ్చిందని చాలామంది అంటుంటారు, దానికి ఆధారం లేదు.

పెద్ద కొడుకుకే భూమి దక్కే దేశంలో చిన్న కొడుకులు కదలక తప్పదు. ఈ పేరు కదిలిన తీరంతా అదే. ఒకడు మఠంలో చేరాడు. 1416 నుంచి 1446 దాకా డరం మఠాన్ని నడిపింది జాన్ వాషింగ్టనే. ఇంకో శాఖ పడమటి వైపు లాంకషైర్‌లోని వార్టన్‌కు వెళ్లింది. అక్కడ పుట్టిన లారెన్స్ వాషింగ్టన్ దక్షిణానికి దిగి నార్తాంప్టన్‌లో ఉన్ని వ్యాపారం చేశాడు, 1532లో ఆ పట్టణానికి మేయరయ్యాడు. ఎనిమిదో హెన్రీ మఠాలను మూసేసి వాటి భూములు అమ్మకానికి పెట్టినప్పుడు, 1539లో, సల్‌గ్రేవ్ అనే పల్లెను 324 పౌండ్ల 14 షిల్లింగుల 10 పెన్నీలకు కొన్నాడు. అక్కడ ఇల్లు కట్టుకుని వాకిలి మీద రెండు పట్టీలూ మూడు నక్షత్రాలూ చెక్కించాడు. వర్తకం చేసి తిరిగి భూస్వామి అయినవాడి సంబరం ఆ చెక్కడంలో నాకు కనబడుతుంది. అది ఎంతో కాలం నిలవలేదు. మనవడి కాలానికే సల్‌గ్రేవ్ చేజారిపోయింది.

మునిమనవడి పేరూ లారెన్సే. ఆక్స్‌ఫర్డ్‌లో బ్రేజ్‌నోజ్ కాలేజీలో చదివి, అక్కడే ఫెలోగా ఉండి, 1633లో ఎసెక్స్‌లోని పర్లీ చర్చికి రెక్టరయ్యాడు. మంచి ఆదాయమున్న చర్చి. పదేళ్లకే రాజుకూ పార్లమెంటుకూ యుద్ధం వచ్చింది. 1643లో పార్లమెంటు పక్షంవాళ్లు అతన్ని తాగుబోతని, సారాకొట్లు పట్టుకు తిరుగుతున్నాడని నేరం మోపి వెళ్లగొట్టారు. రాజపక్షపు పురోహితులను తొలగించడానికి ఆ రోజుల్లో ఇలాంటి నేరాలు మోపడం మామూలే. అతని ఇల్లు చెదిరింది. 1653 జనవరిలో పక్కనున్న మాల్డన్ పట్టణంలో అతన్ని పాతిపెట్టారు.

అతని పెద్ద కొడుకు జాన్ సముద్రం పట్టుకున్నాడు. సీ హార్స్ ఆఫ్ లండన్ అనే ఓడలో వర్జీనియాకు పొగాకు వర్తకానికి వెళ్లాడు. 1657లో, పొగాకు ఎక్కించుకుని తిరుగు ప్రయాణం మొదలుపెట్టిన ఆ ఓడ పొటోమాక్ నదిలోనే ఇసుకకు తగిలి మునిగింది. ఓడను పైకి తీశారు గానీ జాన్ మళ్లీ ఎక్కలేదు. జీతం విషయంలో ఓడ యజమానితో తగువు వచ్చింది. నథానియల్ పోప్ అనే స్థానిక భూస్వామి జాన్ తరఫున నిలబడి, అతను బాకీ పడితే బీవర్ తోళ్లతో తాను తీరుస్తానన్నాడు. మరుసటి ఏడాది పోప్ కూతురు ఆన్‌ను జాన్ పెళ్లి చేసుకున్నాడు. మామగారు 700 ఎకరాలిచ్చాడు. ఇంగ్లండ్‌లో మూడు తరాలుగా జారిపోతూ వచ్చిన భూమి ఇక్కడ మళ్లీ చేతికి వచ్చింది. దాన్ని దున్నిన చేతులు మాత్రం వేరేవాళ్లవి.

జాన్‌కు మునిమనవడు జార్జి. 1732 ఫిబ్రవరి 22న పుట్టాడు. అధ్యక్షుడిగా ఉండగా ఇంగ్లండ్ నుంచి వంశచిహ్నాల అధికారి ఐజాక్ హర్డ్ అతని వంశవృక్షం అడుగుతూ ఉత్తరం రాశాడు. 1792లో జార్జి ఇచ్చిన జవాబు నాకు ఇష్టం. ఈ సంగతుల మీద తాను పెద్దగా శ్రద్ధ పెట్టలేదని, పూర్వీకులు ఉత్తరపు కౌంటీల నుంచి వచ్చారని పెద్దలు చెప్పగా విన్నానని రాశాడు. సల్‌గ్రేవ్ దాకా తీగ లాగి రూఢి చేసింది అతని తర్వాత దాదాపు నూరేళ్లకు, 1889లో, హెన్రీ వాటర్స్ అనే పరిశోధకుడు. జార్జికి కడుపున పుట్టిన పిల్లలు లేరు.

ఈ పేరు చరిత్రను ఇక్కడ ఆపేస్తే సగం కూడా చెప్పినట్టు కాదు.

2000 సంవత్సరపు అమెరికా జనాభా లెక్కల్లో వాషింగ్టన్ ఇంటిపేరున్నవాళ్లు 1,63,036 మంది. వాళ్లలో పది మందికి తొమ్మిది మంది నల్లవాళ్లు. అంటే ఈ పాత ఇంగ్లీషు పేరు ఇవాళ ప్రధానంగా ఆఫ్రికన్ అమెరికన్ల పేరు. నటుడు డెంజల్ వాషింగ్టన్‌ను చూసి విలియం డ హార్ట్‌బర్న్‌ను తలుచుకునేవాళ్లు ఎవరూ ఉండరు, తలుచుకోవాల్సిన పనీ లేదు.

యజమాని పేరే బానిసకు అంటుకుందని తేలిగ్గా అనేస్తారు. అంత సూటిగా జరగలేదు. 1799లో జార్జి చనిపోయేనాటికి అతని ఎస్టేటు మౌంట్ వెర్నన్‌లో 317 మంది బానిసలుండేవారు. వారిలో 123 మంది అతని సొంతం. తన సొంతవాళ్లకు విడుదల ఇస్తూ వీలునామా రాశాడు. ఆ ఎస్టేటులో మనకు పేర్లతో తెలిసినవాళ్లను చూడండి. స్వాతంత్ర్య యుద్ధమంతా జార్జి పక్కనే గుర్రమెక్కి తిరిగిన విలియం, తాను వాషింగ్టన్ అనుకోలేదు, లీ అనుకున్నాడు. అది అంతకుముందు అతను బతికిన ఇంటి పేరు. 1796లో అధ్యక్షుడి ఇంట్లోంచే పారిపోయిన ఓనా, తండ్రి పేరు నిలుపుకుని ఓనా జడ్జ్ అయింది. బానిసలకు తమలో తాము చెప్పుకునే ఇంటిపేర్లు ఉండేవి. యజమానుల పద్దుల్లోకి అవి చాలావరకు ఎక్కలేదు.

వాషింగ్టన్ అనే పేరుతోనే వెళ్లినవాడు ఒకడున్నాడు, హారీ. గాంబియా ప్రాంతంలో పుట్టాడు. 1763లో జార్జి అతన్ని కొని డిస్మల్ స్వాంప్ అనే బురదనేలను ఎండగట్టే పనికి పంపాడు. తర్వాత గుర్రాల సాలలో పని. 1776లో, యజమాని ఇంగ్లండ్‌తో స్వేచ్ఛ కోసం పోరాడుతుండగా, హారీ తన స్వేచ్ఛ కోసం ఇంగ్లీషు సైన్యం వైపు పారిపోయాడు. యుద్ధం ముగిశాక 1783లో బానిసలను తిరిగి అప్పగించమని జార్జి స్వయంగా అడిగాడు. న్యూయార్క్‌లోని బ్రిటిష్ సేనాధిపతి గై కార్ల్‌టన్ కుదరదన్నాడు. ఓడలెక్కిన సుమారు 3,000 మంది పేర్లు మాత్రం ఒక పుస్తకంలో రాయించాడు. అందులో 43 ఏళ్ల హారీ వాషింగ్టన్ ఉన్నాడు. ఎవరి దగ్గరి నుంచి వచ్చాడో కూడా రాసి ఉంది.

ఆ ఓడ అతన్ని కెనడా తీరంలోని నోవా స్కోషియాలో దింపింది. రాతి నేల, గడ్డకట్టే చలి. 1792లో దాదాపు 1,200 మందితో కలిసి సియెర్రా లియోన్ చేరి ఫ్రీటౌన్ పట్టణం కట్టినవాళ్లలో అతనూ ఒకడు. అక్కడ పెత్తనం చేసే కంపెనీ, వాళ్లకిచ్చిన భూమికి శిస్తు అడిగింది. 1800లో తిరుగుబాటు జరిగింది. అందులో చేరినందుకు హారీని బులం తీరానికి వెళ్లగొట్టారు. హ్వాసా ఊరి పేరు అలా ఒకడితో పాటు ఆఫ్రికాకు చేరింది, అదీ ఆ ఖండంలోనే పుట్టినవాడితో.

మిగతా లక్షల మంది పేర్లు రాయడానికి ఇంకా చాలా కాలం పట్టింది. 1850, 1860 జనాభా లెక్కల్లో బానిసల పట్టికలకు వేరే కాగితాలు వాడారు. యజమాని పేరు కింద వయసు, స్త్రీయా పురుషుడా, రంగు, అంతే. పేరు రాసే గడి లేదు. 1865లో బానిసత్వం రద్దయ్యాక, 1870 లెక్కల్లో మొదటిసారి దేశంలోని నల్లవాళ్లందరి పేర్లూ రాయాల్సి వచ్చింది. లెక్కలవాడు గుమ్మంలో నిలబడి నీ పేరేమిటంటే ఏం చెప్పాలి? కొందరి పాత యజమానులు జార్జి బంధువులైన వాషింగ్టన్లే. కొందరు తండ్రికో తాతకో ఉన్న సొంత పేరును ఇంటిపేరు చేసుకున్నారు. కొందరు దేశంలో పెద్ద పేరని ఎంచుకున్నారు.

ఎలా జరిగిందో ఒక పిల్లవాడు పెద్దయ్యాక తన ఆత్మకథలో రాసి పెట్టాడు. వర్జీనియాలో 1856లో బానిసగా పుట్టాడు. విడుదల వచ్చాక కుటుంబం వెస్ట్ వర్జీనియాలో ఉప్పు బట్టీల ఊరికి వెళ్లింది. ఆ ఊరి పేరు కూడా, చిత్రంగా, పర్లీ రెక్టర్ లారెన్స్‌ను పాతిపెట్టిన ఊరి పేరులాగే వినబడుతుంది, మాల్డన్. బడిలో చేరిన రోజు హాజరు పిలుస్తుంటే పిల్లలందరికీ రెండేసి పేర్లు, కొందరికి మూడేసి ఉన్నాయని గమనించాడు. తనకున్నది ఒకటే, బుకర్. తన వంతు ఎప్పుడొస్తుందోనని బెంగపడుతూనే ఆలోచించుకున్నాడు. సవతి తండ్రి పేరు వాషింగ్టన్ ఫెర్గుసన్. పంతులు అడిగేసరికి, పుట్టినప్పటి నుంచి అదే తన పేరన్నట్టు తొణక్కుండా బుకర్ వాషింగ్టన్ అన్నాడు. పంతులు రాసుకున్నాడు.

1881లో టస్కీగీ విద్యాసంస్థను నిలబెట్టింది అతనే. తర్వాతెప్పుడో తెలిసింది, పుట్టగానే తల్లి తనకు బుకర్ టాలియాఫెరో అని పేరు పెట్టిందని. వర్జీనియాలోని ఒక పాత తెల్ల కుటుంబపు ఇంటిపేరది. తల్లి పెట్టిన పేరు కదా, వదులుకోలేదు, తెచ్చి నడుమ పెట్టుకున్నాడు. చివర మాత్రం బడిలో చెప్పిన పేరునే ఉంచుకున్నాడు.