సీ ప్రోగ్రామింగులో యూనిట్ టెస్టింగ్

సీ ప్రోగ్రామింగులో యూనిట్ టెస్టింగ్ అనగా, సీ భాషలో వ్రాసిన ప్రోగ్రామును మొత్తంగా నడిపి చూడడానికి ముందే దానిలోని ఒక్కొక్క ఫంక్షనును విడిగా పిలిచి, ఇచ్చిన విలువకు రావలసిన ఫలితమే వస్తున్నదా అని మరొక చిన్న ప్రోగ్రాము చేత పరీక్షింపజేయడం. గణితంలో ప్రమేయం అనబడేదే ప్రోగ్రామింగులో ఫంక్షను. పరీక్ష కూడా సాధారణంగా సీ భాషలోనే ఉంటుంది. ఒకసారి వ్రాసిపెట్టుకొన్న పరీక్షను, కోడు మార్చిన ప్రతిసారీ, ఎవరూ దగ్గర కూర్చుని ఫలితాలు సరిచూడనవసరం లేకుండా మళ్ళీ నడపవచ్చు.

సీ భాషను 1972 ప్రాంతంలో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో డెన్నిస్ రిచీ రూపొందించాడు. 1989లో ప్రామాణీకరింపబడిన ఈ భాషలో పరీక్షకు పనికివచ్చే అసర్ట్ అనే సాధనం ఉన్నది. అయితే యూనిట్ పరీక్షలు విస్తారంగా వాడుకలోనికి వచ్చినది 1990 దశకం చివరినుండి. 1997లో కెంట్ బెక్, ఎరిక్ గామా జావా భాషకై తయారుచేసిన జేయూనిట్ చాలా ప్రచారం పొందింది. ఆ పద్ధతిని అనుసరించి ఇతర భాషలకు, సీ భాషకు కూడా ఉపకరణాలు వచ్చినవి.

== పీఎస్ఎల్వీ తొలి ప్రయోగం ==

చిన్న భాగాన్ని విడిగా పరీక్షించడం ఎందుకు అవసరమో చెప్పడానికి దక్షిణ ఆంధ్ర ప్రాంతంలోనే ఒక ఉదాహరణ ఉన్నది. పులికాట్ సరస్సుకు, బంగాళాఖాతానికి నడుమ ఉన్న శ్రీహరికోట అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉండేది. 2022లో జరిగిన పునర్విభజనలో తిరుపతి జిల్లాలో చేరింది. 1993 సెప్టెంబరు 20న అక్కడినుండి భారత అంతరిక్ష పరిశోధన సంస్థ పీఎస్ఎల్వీ రాకెట్టును మొదటిసారిగా ప్రయోగించింది. అందులో ఐఆర్ఎస్-1ఇ అనే దూరగ్రాహక ఉపగ్రహం ఉన్నది. మొదటి రెండు దశలు అనుకున్నట్లే మండినవి. రెండవ దశ విడిపోయే సమయంలో ఊహించినదానికంటే పెద్ద కుదుపు కలిగి, రాకెట్టు అదుపు తప్పింది. ఉపగ్రహం కక్ష్యకు చేరలేదు.

విచారణలో తేలిన ముఖ్యకారణం రాకెట్టులోని మార్గదర్శక కంప్యూటరు సాఫ్టువేరులో ఉన్న ఒక పొరపాటు. రాకెట్టు ముక్కు పైకి, క్రిందికి ఊగకుండా చూసే నియంత్రణ భాగంలో అది దాగి ఉన్నది. కంప్యూటరు ఇచ్చే ఆజ్ఞ నిర్ణీత గరిష్ఠ పరిమితిని దాటినప్పుడు మాత్రమే ఆ పొరపాటు బయటపడుతుంది. సాఫీగా సాగే ప్రయాణంలో ఆజ్ఞ అంతవరకు పోదు కనుక, అటువంటి ప్రయాణాన్ని ఎన్నిసార్లు అనుకరించి చూసినా తప్పు కనబడదు. ఆ ఒక్క భాగాన్ని బయటకు తీసి, కావాలనే పరిమితికి మించిన విలువ ఇచ్చి చూస్తే బల్లమీదనే కనబడుతుంది. సవరించిన తరువాత 1994 అక్టోబరు 15న జరిగిన రెండవ ప్రయోగం విజయవంతమై ఐఆర్ఎస్-పి2 ఉపగ్రహం కక్ష్యలో చేరింది.

ఇటువంటి పొరపాటు ఏ భాషలోనైనా జరుగగలదు. 1996 జూన్ 4న ఐరోపావారి ఏరియాన్-5 రాకెట్టు తొలి ప్రయోగంలో పైకి లేచిన దాదాపు 40 సెకన్లలోనే నాశనమైనది. 64 బిట్ల దశాంశసంఖ్యను 16 బిట్ల పూర్ణసంఖ్యగా మార్చేచోట విలువ పట్టకపోవడం అందుకు కారణం. ఆ ప్రోగ్రాము అడా భాషలోనిది.

== సీ భాషలోని ప్రత్యేక చిక్కు ==

అడా భాషలో విలువ పట్టనప్పుడు యంత్రం కనీసం ఫిర్యాదు చేస్తుంది. సీ భాషలో చాలాసార్లు ఆ ఫిర్యాదు కూడా ఉండదు. 16 బిట్ల పూర్ణసంఖ్యలో -32,768 నుండి 32,767 వరకు మాత్రమే పడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లోని ఇంజనీరింగు కళాశాలలలో, పాలిటెక్నిక్కులలో చాలాకాలం వాడిన టర్బో సీ కంపైలరులో ఇంట్ రకం 16 బిట్లదే. అందులో 200ను 200తో గుణిస్తే 40,000కు బదులు -25,536 వస్తుంది. తిరుమలలో రద్దీరోజున దర్శనం చేసుకొన్న 70,000 మందిని అటువంటి గడిలో లెక్కిస్తే 4,464 అని చూపుతుంది. ఋణసంఖ్య వస్తే ఎవరైనా అనుమానిస్తారు గాని, 4,464ను చూసి అనుమానించేవారు తక్కువ. నేటి జీసీసీ వంటి కంపైలర్లలో ఇంట్ సాధారణంగా 32 బిట్లు ఉంటుంది. అందువలన చిక్కు తగ్గింది గాని పోలేదు. చిన్న మైక్రోకంట్రోలర్లలో 16 బిట్ల ఇంట్ ఇప్పటికీ వాడుకలో ఉన్నది.

== మొదలుపెట్టడం ==

మొదటి పని ఫంక్షన్లను మెయిన్ నుండి వేరుచేయడం. విద్యార్థులు ప్రోగ్రామంతా మెయిన్‌లోనే వ్రాసి, స్కాన్ఎఫ్‌తో విలువలు తీసుకొని, ప్రింట్ఎఫ్‌తో జవాబు చూపడం పరిపాటి. అలా వ్రాసినదానిని పరీక్షించడం దాదాపు అసాధ్యం. లెక్క చేసే భాగం విలువను తీసుకొని విలువను తిరిగి ఇచ్చే ఫంక్షనుగా ఒక ఫైలులో ఉండాలి. దాని ప్రకటన హెడరు ఫైలులో ఉండాలి. అసలు మెయిన్ మరొక ఫైలులో ఉండాలి. అప్పుడు పరీక్షకు తనదైన మెయిన్ పెట్టుకొని, అదే ఫంక్షనుతో కలిపి కంపైలు చేయవచ్చు.

ఒక ఆజ్ఞను 10,000కు, -10,000కు మధ్య ఉంచే ఫంక్షనును ఉదాహరణగా తీసుకొనవచ్చు. ఇది బోధన కొరకు కల్పించినది. పై రాకెట్టులోని కోడు కాదు. చదువరుల సౌలభ్యం కొరకు పేర్లు తెలుగు లిపిలో ఇవ్వబడినవి. కంపైలరుకు ఆంగ్ల అక్షరాలలోనే ఇవ్వాలి.

 ఇంట్ పరిమితం(ఇంట్ ఆజ్ఞ)
 {
   షార్ట్ వి = ఆజ్ఞ;
   ఇఫ్ (వి > 10000) రిటర్న్ 10000;
   ఇఫ్ (వి < -10000) రిటర్న్ -10000;
   రిటర్న్ వి;
 }

దీనికి పరీక్ష ఇలా ఉంటుంది:

 అసర్ట్(పరిమితం(5000) == 5000);
 అసర్ట్(పరిమితం(10000) == 10000);
 అసర్ట్(పరిమితం(10001) == 10000);
 అసర్ట్(పరిమితం(-10001) == -10000);
 అసర్ట్(పరిమితం(40000) == 10000);

మొదటి నాలుగు నెగ్గుతాయి. ఐదవది ఓడిపోతుంది. ఇంట్ 32 బిట్లు, షార్ట్ 16 బిట్లు ఉన్న జీసీసీలో, 40,000 షార్ట్‌లోనికి వెళ్ళి -25,536గా మారుతుంది. అది -10,000 కంటే తక్కువ కనుక ఫంక్షను -10,000 ఇస్తుంది. అనగా పూర్తిగా కుడికి తిరగవలసినది పూర్తిగా ఎడమకు తిరుగుతుంది. హద్దును కాపాడడానికి పెట్టిన ఫంక్షనే వ్యతిరేకమైన ఆజ్ఞ ఇస్తున్నది. షార్ట్‌లోనికి మార్చక ముందే హద్దులు సరిచూస్తే దోషం తీరుతుంది. దిద్దిన తరువాత కూడా ఆ ఐదవ పంక్తిని తీసివేయరాదు. కొన్నేళ్ళ తరువాత మరొకరు వచ్చి జ్ఞాపకస్థలం ఆదా చేద్దామని మళ్ళీ షార్ట్ పెడితే అదే పట్టుకొంటుంది.

అసర్ట్ ఓడినప్పుడు షరతును, ఫైలు పేరును, పంక్తి సంఖ్యను ముద్రించి ప్రోగ్రామును అక్కడికక్కడే ఆపివేస్తుంది. మొదలుపెట్టేవారికి ఇది చాలును. ఒక జాగ్రత్త అవసరం: ఎన్‌డీబగ్ అనే పేరు నిర్వచించి కంపైలు చేస్తే అసర్ట్‌లన్నీ మాయమవుతాయి. అప్పుడు పరీక్షలు నెగ్గినట్లే కనబడతాయి గాని, నిజానికి ఏదీ జరగదు. అందుకే కొత్త పరీక్ష వ్రాసినప్పుడు, ఫంక్షనును ఒకసారి కావాలని చెడగొట్టి, పరీక్ష ఓడుతున్నదో లేదో చూడడం మంచి అలవాటు.

== విలువలను ఎన్నుకొనడం ==

యూనిట్ పరీక్షలో కష్టమైన భాగం ఇదే. అన్ని విలువలనూ ఇచ్చి చూడలేము కనుక హద్దుల దగ్గర నిలబడి చూడాలి. 35 మార్కులకు ఉత్తీర్ణత అయితే 34, 35 రెండూ ఇవ్వాలి. 0, 100 ఇవ్వాలి. ఉండరాని -1, 101 కూడా ఇవ్వాలి. లీపు సంవత్సరపు ఫంక్షనుకు 2004 ఒక్కటే చాలదు. లీపు కాని 1900, లీపు అయిన 2000 తప్పనిసరి. పై ఉదాహరణలో రెండు రకాల హద్దులు ఉన్నవి. ఒకటి సమస్యలోని హద్దు, 10,000. రెండవది యంత్రంలోని హద్దు, 32,767. విద్యార్థులు సాధారణంగా మరచేది రెండవదానినే. సరణులకైతే ఖాళీ సరణి, ఒకే అంశమున్న సరణి, పూర్తిగా నిండిన సరణి. పాయింటర్లకైతే శూన్య పాయింటరు.

పరీక్షలలో ఎన్ని పంక్తులు నడిచినవో జీకోవ్ అనే ఉపకరణం లెక్కించి చెబుతుంది. ఇది ఉపయోగకరమే గాని, నూరు శాతం వచ్చినదని సంతోషించరాదు. పై పరీక్షలలో మొదటి నాలుగింటితోనే ఫంక్షనులోని ప్రతి పంక్తీ నడుస్తుంది; తప్పు మాత్రం అలాగే ఉంటుంది.

== ఉపకరణాలు ==

పరీక్షల సంఖ్య పెరిగితే మొదటి ఓటమితో ఆగిపోయే అసర్ట్ చాలదు. సీయూనిట్, చెక్, యూనిటీ, సీమోకా అనేవి బాగా తెలిసిన స్వేచ్ఛా ఉపకరణాలు. చెక్ ఒక్కొక్క పరీక్షను వేరొక ప్రాసెస్‌గా నడుపుతుంది. పాయింటరు తప్పుతో ఒక పరీక్ష కూలినా మిగిలినవి సాగుతాయి. సీ భాషలో ఇది చిన్న సౌకర్యం కాదు. యూనిటీ చాలా చిన్నది, మైక్రోకంట్రోలర్లకు అనువైనది. సెన్సరు చదవడం, మోటారు నడపడం వంటి పనులు చేసే ఫంక్షనుకు బదులు అదే పేరుతో ఒక నకిలీ ఫంక్షనును వ్రాసి, లింకు చేసేటప్పుడు దానిని కలపడం మరొక పద్ధతి. దీనితో యంత్రం చేతిలో లేకపోయినా, సెన్సరు పిచ్చి విలువ ఇచ్చినప్పుడు ఏమవుతుందో చూడవచ్చు. ఇటువంటి నకిలీలకు సీమోకా తోడ్పడుతుంది. జీసీసీ, క్లాంగ్ కంపైలర్లలోని శానిటైజర్లను కూడా పరీక్షల సమయంలో వాడితే, సరణి హద్దు దాటడం, ఇంట్ గణనలో విలువ పొంగిపోవడం వంటివి నడుస్తుండగానే తెలుస్తాయి. షార్ట్‌లోనికి మార్చేటప్పుడు విలువ కోసుకుపోయే అవకాశాన్ని హెచ్చరించడానికి జీసీసీలో వేరొక ఎంపిక ఉన్నది. అది మామూలుగా అమలులో ఉండదు, అడిగి పెట్టుకోవాలి.

== పరిధి ==

విడివిడిగా సరియైన భాగాలు కలిసినప్పుడు సరిగా ఉంటాయన్న హామీ యూనిట్ పరీక్షలో లేదు. దానికి సమీకృత పరీక్షలు వేరు. 1993 ప్రయోగంలో దశలు విడిపోయేటప్పుడు వచ్చిన కుదుపును ఏ యూనిట్ పరీక్షా ఆపగలిగేది కాదు. ఆ కుదుపు వచ్చినప్పుడు పరిమితిని దాటిన ఆజ్ఞకు ప్రోగ్రాము ఏమి చేస్తుందన్నది మాత్రం ముందుగా తెలుసుకొనదగినదే.