బోధనా ప్రయోగశాలల్లో ఎక్స్-రే పరికరాలు: భద్రతా నియమాలు, సంస్థల బాధ్యతలు

(ప్రత్యేక వ్యాసం)

ఎక్స్-రే అనగానే సామాన్యులకు ఆసుపత్రి గుర్తుకు వస్తుంది. అయితే విశ్వవిద్యాలయాల భౌతిక, రసాయన, భూగర్భ శాస్త్ర విభాగాల్లోను, ఫార్మసీ, ఇంజనీరింగ్ కళాశాలల్లోను కూడా ఎక్స్-రే పరికరాలు విరివిగా వినియోగంలో ఉన్నాయి. స్ఫటికాల అంతర్నిర్మాణాన్ని తెలుసుకునేందుకు, ఖనిజాలను, ఔషధ పదార్థాలను, మిశ్రమ లోహాలను గుర్తించేందుకు ఇవి ఎంతగానో తోడ్పడతాయి. ఆసుపత్రిలో ఈ యంత్రాన్ని శిక్షణ పొందిన సాంకేతిక నిపుణుడు నడుపుతాడు. బోధనా ప్రయోగశాలలో మాత్రం పని నేర్చుకుంటున్న విద్యార్థి చేతిలోనే అది నడుస్తుంది. ఏటా కొత్త విద్యార్థులు వస్తారు, పాతవారు వెళ్లిపోతారు. అందువల్ల ఇక్కడ భద్రత వ్యక్తుల అనుభవంపై గాక పటిష్టమైన ఏర్పాట్లపై ఆధారపడి ఉండాలి. ఈ అంశంపై పాత్రికేయులకు, అధికారులకు ఉపకరించే సమాచారాన్ని ఇందులో పొందుపరచడమైనది.

నేపథ్యం

జర్మనీలోని వుర్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు విల్‌హెల్మ్ కొన్రాడ్ రాంట్‌జెన్ 1895 నవంబరు 8న ఎక్స్-కిరణాలను కనుగొన్నారు. ఇందుకు 1901లో భౌతికశాస్త్రంలో తొలి నోబెల్ బహుమతి ఆయనకు లభించింది. ఈ కిరణాల వల్ల కలిగే హాని కూడా మొట్టమొదట ప్రయోగశాలల్లోనే బయటపడటం గమనార్హం. 1896లో అమెరికా శాస్త్రవేత్త ఎలిహు థామ్సన్ తన చిటికెన వేలిని కావాలనే ఈ కిరణాల ఎదుట ఉంచి, తదనంతరం కలిగిన వాపును, నొప్పిని, బొబ్బలను నమోదు చేసి తోటివారిని హెచ్చరించారు. థామస్ ఎడిసన్ ప్రయోగశాలలో సహాయకుడిగా పనిచేసిన క్లారెన్స్ డాలీ చేతులకు తీవ్రమైన గాయాలై, అవి క్యాన్సర్‌కు దారితీయగా, 1904లో మరణించారు. డాలీకి కలిగిన గాయాల కారణంగా ఎడిసన్ ఎక్స్-కిరణాల పరిశోధనను విరమించుకున్నారు. ఈ రెండు ఉదంతాల్లోనూ మొదట దెబ్బతిన్నవి చేతులే. నేటి ప్రయోగశాలల్లోనూ అధిక ప్రమాదానికి లోనయ్యేవి చేతి వేళ్లే.

ఆసుపత్రి యంత్రానికి, ప్రయోగశాల యంత్రానికి తేడా

ఆసుపత్రిలోని ఎక్స్-రే యంత్రం వెడల్పాటి కిరణపుంజాన్ని సెకనులో కొద్ది భాగం మాత్రమే విడుదల చేస్తుంది. ఎక్స్-రే డిఫ్రాక్టోమీటర్ పనితీరు ఇందుకు పూర్తిగా భిన్నం. ఇందులోని గొట్టం సుమారు 40 కిలోవోల్టుల వద్ద, 30 నుంచి 40 మిల్లీ ఆంపియర్ల విద్యుత్ ప్రవాహంతో గంటల తరబడి నిరంతరాయంగా పనిచేస్తుంది. వెలువడే కిరణపుంజం కొద్ది మిల్లీమీటర్ల వెడల్పు మాత్రమే ఉన్నప్పటికీ, దాని తీవ్రత అత్యధికం. గొట్టం కిటికీకి సమీపంలో, నేరుగా వచ్చే కిరణపుంజంలో వేలు పడితే కొన్ని క్షణాల్లోనే చర్మం కాలిపోయేంత మోతాదు అందే అవకాశం ఉంది.

సాధారణంగా వాడే రాగి లక్ష్యం నుంచి వెలువడే ప్రధాన కిరణాల శక్తి సుమారు 8 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. ఇవి దేహంలోకి లోతుగా చొచ్చుకుపోవు. ఒక మిల్లీమీటరు మందం గల కణజాలంలోనే సగానికి పైగా శోషించబడతాయి. శక్తి తక్కువ కనుక హాని కూడా తక్కువేనన్న అపోహ ఇక్కడే కలుగుతోంది. వాస్తవానికి ఆ శక్తి అంతా పలుచని చర్మపు పొరలోనే నిక్షిప్తం కావడం వల్ల కాలిన గాయాలు తీవ్రంగా ఉంటాయి.

మరో ముఖ్య విషయం ఏమంటే, కిరణం తగిలినప్పుడు వేడిగాని నొప్పిగాని తెలియదు. సుమారు 2 గ్రేల మోతాదు దాటినప్పుడు కొద్ది గంటల్లో చర్మం స్వల్పంగా ఎర్రబడి, తిరిగి మామూలు స్థితికి రావచ్చు. మోతాదు మరింత ఎక్కువైతే సుమారు పది రోజుల తర్వాత అసలైన ఎరుపు, వాపు, బొబ్బలు కనిపిస్తాయి. అప్పటికి విద్యార్థి ఆ ప్రయోగాన్ని మరచిపోయి ఉండవచ్చు. గాయానికి కారణం తెలియక చికిత్స ఆలస్యమయ్యే ప్రమాదం ఉంది.

ప్రమాదాలు సంభవించే సందర్భాలు

ప్రయోగశాల ప్రమాదాలు సాధారణంగా యంత్రం సక్రమంగా నడుస్తున్నప్పుడు సంభవించవు. నమూనాను మార్చేటప్పుడు, కిరణపుంజాన్ని సరిచేసేటప్పుడు, మరమ్మతుల సమయంలో ఇవి చోటు చేసుకుంటాయి. షట్టర్ మూసి ఉన్నదని భావించి చేయి లోపల పెట్టడం, పని త్వరగా పూర్తి చేయాలన్న తొందరలో ఇంటర్‌లాక్‌ను పనిచేయకుండా చేయడం, వాడని కిటికీకి మూత బిగించకపోవడం, గొట్టం మార్చిన తర్వాత లీకేజీ పరీక్ష జరపకపోవడం ఇందుకు ప్రధాన కారణాలు.

రేడియేషన్‌తో పాటు ఇతర ప్రమాదాలను కూడా దృష్టిలో ఉంచుకోవాలి. అధిక వోల్టేజి వల్ల కలిగే విద్యుదాఘాతం తక్షణం ప్రాణాంతకం కాగలదు. యంత్రాన్ని ఆపిన తర్వాత కూడా కెపాసిటర్లలో విద్యుత్ నిలువ ఉండే అవకాశం ఉంది. గొట్టం కిటికీకి వాడే బెరీలియం విషపూరిత లోహం. పగిలిన కిటికీని చేతితో తాకరాదు, గీకరాదు.

నియంత్రణ వ్యవస్థ, మోతాదు పరిమితులు

మన దేశంలో రేడియేషన్ భద్రతను పర్యవేక్షించే అణుశక్తి నియంత్రణ మండలి 1983 నవంబరు 15న ముంబయి కేంద్రంగా ఏర్పాటైంది. 2004లో జారీ అయిన అణుశక్తి (రేడియేషన్ రక్షణ) నియమావళి, పరిశోధనలకు వినియోగించే విశ్లేషణ ఎక్స్-రే పరికరాలను రిజిస్ట్రేషన్ పరిధిలోకి తెచ్చింది. 18 సంవత్సరాలలోపు వారిని రేడియేషన్ పనిలో నియమించరాదని, 16 సంవత్సరాలలోపు వారిని శిక్షణకు సైతం తీసుకోరాదని ఆ నియమావళి నిర్దేశించింది. మండలికి దరఖాస్తులు ఈ-లోరా అనే ఆన్‌లైన్ విధానంలో సమర్పించవలసి ఉంటుంది.

మోతాదు పరిమితులపై మండలి 2011లో జారీ చేసిన ఆదేశంలోని ముఖ్యాంశాలు:

- రేడియేషన్ పనివారికి: వరుసగా ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 మిల్లీసీవర్టులు మించరాదు.
- చర్మానికి, చేతులకు, పాదాలకు: పనివారి విషయంలో ఏడాదికి 500 మిల్లీసీవర్టులు.
- 16 ఏళ్లు నిండిన శిక్షణార్థులకు, విద్యార్థులకు: ఏడాదికి 6 మిల్లీసీవర్టులు, చేతులకు, పాదాలకు 150 మిల్లీసీవర్టులు.
- సామాన్య ప్రజలకు: ఏడాదికి 1 మిల్లీసీవర్టు.
- గర్భవతి అయినట్లు తెలియజేసిన ఉద్యోగిని విషయంలో: గర్భస్థ శిశువుకు 1 మిల్లీసీవర్టు మించరాదు.

ప్రకృతిసిద్ధమైన రేడియేషన్ వల్ల ప్రపంచంలో సగటు మనిషికి ఏడాదికి సుమారు 2.4 మిల్లీసీవర్టుల మోతాదు అందుతుంది. పై అంకెలను దీనితో పోల్చి చూసినప్పుడు వాటి పరిమాణం అర్థమవుతుంది. పరిమితి అంటే అంతవరకు పొందవచ్చునని అర్థం కాదు. సాధ్యమైనంత తక్కువ మోతాదుతో పని పూర్తి చేయడమే రేడియేషన్ రక్షణలోని మూలసూత్రం.

ప్రయోగశాలలో ఉండవలసిన ఏర్పాట్లు

పరికరం పూర్తిగా మూసి ఉండే క్యాబినెట్‌లో అమర్చి ఉండటం అన్నిటికంటే మేలైన రక్షణ. తలుపు తెరచిన వెంటనే షట్టర్ మూసుకుపోయేలా గాని, అధిక వోల్టేజి సరఫరా నిలిచిపోయేలా గాని ఇంటర్‌లాక్ ఉండాలి. తలుపు మూసినంత మాత్రాన కిరణాలు తిరిగి వెలువడరాదు. అందుకు మళ్లీ మీట నొక్కవలసిన అవసరం ఉండాలి. కిరణాలు వెలువడుతున్నట్లు తెలిపే ఎర్రదీపం చెడిపోతే యంత్రమే పనిచేయని విధంగా అమరిక ఉండాలి. చక్కటి కవచం గల పరికరం ఉపరితలానికి 10 సెంటీమీటర్ల దూరంలో మోతాదు గంటకు ఒక మైక్రోసీవర్టు మించరాదన్నది అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ప్రమాణాల్లో మినహాయింపునకు పాటించే కొలమానం.

తక్కువ సమయం, ఎక్కువ దూరం, తగిన కవచం అనే మూడు సూత్రాలు అందరికీ తెలిసినవే. దూరం రెట్టింపయితే తీవ్రత నాలుగో వంతుకు తగ్గుతుందని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. అన్ని దిక్కులకూ విస్తరించే కిరణాలకు ఇది వర్తిస్తుంది. సన్నని మార్గంలో వెలువడే కిరణపుంజం మాత్రం దూరంతో పాటు అంతగా బలహీనపడదని విద్యార్థులకు ప్రత్యేకంగా తెలియజేయాలి.

లీకేజీని కొలిచే సర్వే మీటరు ఎంపికలో కూడా జాగ్రత్త అవసరం. తక్కువ శక్తి గల కిరణాలను గుర్తించగల పలుచని కిటికీ ఉన్న మీటరునే వాడాలి. లేనిపక్షంలో కిరణాలు ఉన్నా ముల్లు కదలకపోవచ్చు. గొట్టం మార్చినప్పుడు, పరికరాన్ని వేరొక చోటికి తరలించినప్పుడు, మరమ్మతు జరిగిన ప్రతిసారీ పరీక్ష జరిపి రిజిస్టరులో నమోదు చేయాలి.

టి.ఎల్.డి. బ్యాడ్జి

పనివారికి అందిన మోతాదును కొలిచేందుకు టి.ఎల్.డి. బ్యాడ్జిని ఛాతీపై ధరిస్తారు. భాభా అణు పరిశోధన కేంద్రం రూపొందించిన ఈ బ్యాడ్జిలో డిస్ప్రోసియం కలిపిన కాల్షియం సల్ఫేట్ బిళ్లలు ఉంటాయి. మూడు నెలలకు ఒకసారి వీటిని పరీక్షకు పంపుతారు. ఒకరి బ్యాడ్జిని మరొకరు వాడరాదు. పని ముగిసిన తర్వాత దానిని పరికరం వద్ద వదిలి వెళ్లరాదు.

బ్యాడ్జి రక్షణ కవచం కాదన్న విషయాన్ని ప్రత్యేకించి పేర్కొనవలసి ఉంది. అది జరిగినదాన్ని నమోదు చేస్తుంది, జరగకుండా ఆపదు. పైగా డిఫ్రాక్టోమీటర్ కిరణపుంజం వేలికి తగిలినప్పుడు ఛాతీపై ఉన్న బ్యాడ్జి ఏమీ చూపకపోవచ్చు. కిరణపుంజాన్ని సరిచేసే పని చేపట్టేవారు వేలికి ధరించే ఉంగరపు డోసిమీటరును కూడా వాడటం శ్రేయస్కరం. బ్యాడ్జి నివేదికలో సున్నా ఉన్నంత మాత్రాన ప్రయోగశాల సురక్షితమని నిర్ధారణకు రావడం సరికాదు.

విద్యార్థులు, అధ్యాపకులు పాటించవలసిన నియమాలు

- శిక్షణ పొంది, రేడియేషన్ భద్రతాధికారి అనుమతి పొందినవారే పరికరాన్ని నడపాలి. తాళం చెవి బాధ్యుడైన అధ్యాపకుని వద్దనే ఉండాలి.
- నమూనా మార్చే ముందు షట్టర్ సూచికను, హెచ్చరిక దీపాన్ని రెండింటినీ చూడాలి. ఒక్కదానిపైనే ఆధారపడరాదు.
- ఇంటర్‌లాక్‌ను ఎట్టి పరిస్థితుల్లోనూ విద్యార్థులు తొలగించరాదు.
- మరమ్మతుకు ముందు విద్యుత్ సరఫరాను పూర్తిగా నిలిపివేసి, ఆ మేరకు బోర్డు తగిలించాలి.
- వాడకం సమయం, వోల్టేజి, ప్రవాహం, వాడినవారి పేరు ప్రతిసారీ లాగ్‌బుక్‌లో రాయాలి.
- హెచ్చరిక బోర్డులు మూడు రేకుల చిహ్నంతో పాటు తెలుగులో కూడా ఉండాలి. ఊడ్చేవారు, కాపలాదారులు సైతం వాటిని చదవగలగాలి.

రేడియోగ్రఫీ కోర్సులు నిర్వహించే సంస్థల్లో శిక్షణ కోసం తోటి విద్యార్థులకు ఎక్స్-రే తీయడం పూర్తిగా నిషిద్ధం. వైద్యపరమైన అవసరం లేనిదే మనిషిపై కిరణాలను ప్రయోగించరాదు. సాధన కోసం మనిషి అవయవాలను పోలిన నమూనాలను వాడాలి. పాఠశాలలు, జూనియర్ కళాశాలల్లో ఇండక్షన్ కాయిల్‌తో నడిపే పాత డిశ్చార్జి గొట్టాల విషయంలోనూ అప్రమత్తత అవసరం. 5 కిలోవోల్టులకు మించిన వోల్టేజి వద్ద వీటిలో కొన్నింటి నుంచి అనుకోకుండా ఎక్స్-కిరణాలు వెలువడే అవకాశం ఉంది.

ప్రమాదం జరిగినప్పుడు

కిరణపుంజంలో చేయి పడినట్లు అనుమానం కలిగిన వెంటనే అధిక వోల్టేజిని నిలిపివేయాలి. వోల్టేజి, ప్రవాహం, సమయం, చేయి ఉన్న స్థానం వంటి వివరాలను అప్పటికప్పుడు రాసుకోవాలి. మోతాదు అంచనాకు ఇవే ఆధారం. రేడియేషన్ భద్రతాధికారికి తెలియజేసి, బ్యాడ్జిని తక్షణ పరీక్షకు పంపాలి. చర్మంపై ఏ మార్పూ కనిపించకపోయినా వైద్యునికి చూపించి, కొన్ని వారాల పాటు పరిశీలనలో ఉంచాలి. ప్రమాద సమాచారాన్ని 24 గంటల్లోగా అధికార సంస్థకు తెలపాలని 2004 నియమావళి నిర్దేశించింది. నిజం చెప్పిన విద్యార్థిని దండించే వాతావరణం ఉన్నచోట ప్రమాదాలు వెలుగులోకి రావు. ఈ విషయంలో సంస్థల అధిపతుల వైఖరి కీలకం.

పాత పరికరాల తొలగింపు: మాయాపురి గుణపాఠం

ఢిల్లీ విశ్వవిద్యాలయ రసాయనశాస్త్ర విభాగంలో 1985 నుంచి వాడకుండా ఉన్న గామా సెల్ పరికరాన్ని 2010 ఫిబ్రవరిలో వేలం వేశారు. అది మాయాపురి తుక్కు మార్కెట్‌కు చేరింది. అందులోని కోబాల్ట్-60ను విడగొట్టిన ఫలితంగా పలువురు తీవ్ర అస్వస్థతకు గురికాగా, అదే ఏడాది ఏప్రిల్‌లో ఒకరు మరణించారు. ఇది రేడియోధార్మిక పదార్థం వల్ల జరిగిన ప్రమాదం. ఎక్స్-రే యంత్రంలో అటువంటి పదార్థం ఉండదు. అయినప్పటికీ జాబితాల్లో నమోదు లేని పరికరం, బాధ్యుడు పదవీ విరమణ చేసిన గది, తుక్కుగా సాగిన వేలం అన్ని సంస్థలకూ హెచ్చరికే. పాత ఎక్స్-రే పరికరాన్ని తొలగించే ముందు నియంత్రణ మండలికి తెలియజేసి, తిరిగి వాడేందుకు వీలులేకుండా చేసి, బెరీలియం కిటికీ గల గొట్టాన్ని విడిగా భద్రపరచవలసి ఉంటుంది.

పాత్రికేయులకు, తనిఖీ అధికారులకు సూచనలు

మీట ఆపిన మరుక్షణం ఎక్స్-కిరణాలు ఆగిపోతాయి. గదిలో గాని, నమూనాలో గాని, మనిషి దేహంలో గాని రేడియేషన్ మిగిలి ఉండదు. ఎక్స్-రే పరికరం వల్ల గాయపడిన వ్యక్తిని తాకినందున ఇతరులకు ఎట్టి హానీ కలగదు. కనుక ఇటువంటి సంఘటనల్లో రేడియోధార్మికత వ్యాపించిందని రాయడం వాస్తవ విరుద్ధం, అనవసర భయాందోళనలకు కారణం. వార్తల్లో గ్రే, సీవర్ట్ ప్రమాణాలను, పాత ప్రమాణాలైన రాడ్, రెమ్‌లను కలగాపులగం చేయరాదు. ఒక గ్రే 100 రాడ్‌లకు, ఒక సీవర్ట్ 100 రెమ్‌లకు సమానం. మోతాదు శరీరమంతటికీ అందినదా, వేలికి మాత్రమే అందినదా అన్నది కూడా స్పష్టం చేయాలి.

తనిఖీకి వెళ్లే అధికారులు రిజిస్ట్రేషన్ పత్రం, భద్రతాధికారి నియామకపు ఉత్తర్వు, లీకేజీ పరీక్షల రిజిస్టరు, బ్యాడ్జి నివేదికలు, లాగ్‌బుక్, వాడకంలో లేని పరికరాల జాబితా ఈ ఆరింటిని పరిశీలించాలి. కాగితాలతో పాటు తమ సమక్షంలో క్యాబినెట్ తలుపు తెరిపించి, ఇంటర్‌లాక్ పనిచేస్తున్నదీ లేనిదీ స్వయంగా చూడటం అన్నిటికంటే ముఖ్యం.

ఎక్స్-కిరణాలు కంటికి కనబడవు, తాకినట్లు తెలియవు. విజ్ఞానం కోసం ప్రయోగశాలలో అడుగుపెట్టిన విద్యార్థి చేతివేళ్లను కాపాడవలసిన బాధ్యత ఆ పరికరాన్ని అతని చేతికి అప్పగించిన సంస్థదే.