తెలుగునాట జనన పట్టికలు

నూరేండ్లకు పూర్వము మన పల్లెలలో ఒక వృద్ధుని వయస్సెంత యని యడిగినచో, అతడు సంవత్సరముల సంఖ్య చెప్పుటకు మారుగా ఒక విపత్తును పేర్కొనెడివాడు. గుంటూరు సీమవాడైనచో నందన కరువు నాటికి తన తండ్రి చంటిబిడ్డ యనియు, బందరు వాడైనచో ఉప్పెన వచ్చిననాటికి తనకు నడక వచ్చినదనియు, కడప, బళ్ళారి ప్రాంతమువాడైనచో ధాత కరువులో తల్లి తన్ను చంకనిడుకొని గంజిపోయు చోటికి నడిచినదనియు చెప్పెడివాడు. నందన కరువు 1832-33 నాటిది. బందరు ఉప్పెన 1864 నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చినది. ధాత కరువు 1876-77లో ఆరంభమైనది. ఊరంతయు నెరిగిన యొక మహోపద్రవమునకు తన పుట్టుకను ముడివేసికొనుట చదువురాని సమాజమునకు మిక్కిలి నమ్మకమైన పద్ధతియే గాని, కచేరీ గుమాస్తాకు అది చాలలేదు.

చదువుకొన్న కుటుంబములలో జాతకమున్నది. సంవత్సరము, మాసము, పక్షము, తిథి, వారము, నక్షత్రము, జన్మలగ్నము ఇందులో నుండుటచే, ఘడియ విఘడియలతో గూడ జన్మకాలమును చెప్పగలిగిన లేఖనమిది యొక్కటే యనవచ్చును. అయిననేమి, ప్రభవాది నామములు అరువదియేండ్లకొకసారి మరల వచ్చును గనుక, శకవర్షము వేయని జాతకము తాతదో మనుమనిదో తెలియని చిక్కు ఏర్పడును. తిథివారములు రెండును ఉన్నచో గణితముచే ఆ సందేహమును చాలవరకు తీర్చవచ్చును. మద్రాసు శాసనమండలికి తరువాత అధ్యక్షత వహించిన ఎల్. డి. స్వామికన్ను పిళ్ళై 1922లో సంపుటములుగా ప్రకటించిన పంచాంగ గణిత గ్రంథము ఈ పనికే నేటికిని న్యాయవాదులకును చరిత్రకారులకును ఆధారము. కాని న్యాయస్థానములు జాతకమును బలహీన సాక్ష్యముగానే చూచినవి. దానిని ఎవరు వ్రాసిరి, ఎప్పుడు వ్రాసిరి, వివాదము పుట్టిన పిమ్మట వ్రాయలేదు గదా యను ప్రశ్నలకు ప్రత్యుత్తరము దొరకుట అరుదు. ప్రభుత్వోద్యోగి తన విధినిర్వహణలో వ్రాసిన పుస్తకమునకు 1872 నాటి సాక్ష్య చట్టము 35వ నిబంధన ఇచ్చిన విలువ ఇంటి తాటాకునకు లేకపోయెను.

వయస్సు తెలియకపోవుటచే కలిగిన హాని పురుషుల కంటె ఆడుబిడ్డలకే మెండు. విశాఖపట్నం జిల్లాలో మూడేండ్లలో జరిగిన శుల్క వివాహముల పట్టికను విజయనగర మహారాజు తయారు చేయించగా, అందు 1034 వివాహములు చేరిన సంగతిని గురజాడ అప్పారావుగారు కన్యాశుల్కమునకు వ్రాసిన ఆంగ్ల పీఠికలో తెలిపియున్నారు. ఆ బాలికల వయస్సులు ఆ పట్టిక కెక్కినవి గాని, వారిలో ఎక్కువమంది పుట్టుక ఏ పుస్తకమున కెక్కియుండదు. బిడ్డ పుట్టినది ప్రభుత్వమునకు తెలియలేదు. అమ్ముడు పోయినది మాత్రము తెలిసినది.

ప్రభుత్వమువారు పుట్టుకలను లెక్క వ్రాయింపబూనుట ప్రజల వయోనిర్ణయమునకు గాదు. విషూచి, మశూచి దండ్లు వచ్చి పడినట్లు పల్లెలపై వచ్చి పడుచున్న కాలములో, ఎందరు చచ్చుచున్నారో, టీకాలు వేయవలసిన శిశువులు ఎందరో పారిశుధ్య శాఖకు తెలియవలసి వచ్చెను. అందుచే తొలినాటి పట్టికలు వ్యక్తుల హక్కుల కొరకు పుట్టినవి కావు; సంఖ్యల కొరకు పుట్టినవి. 1886లో వచ్చిన అఖిల భారత చట్టము క్రైస్తవులు, పారసీకులు మొదలగు కొందరికి స్వచ్ఛందముగా నమోదు చేయించుకొను వీలు మాత్రము కలిగించినది. మద్రాసు రాజధానిలోని పల్లెల కథ 1899 నాటి మద్రాసు 3వ చట్టముతో మారినది. అదియైనను ఒక్కమారుగా ఊరూర అమలుకు రాలేదు. ప్రకటన వెలువడిన చోటులలోనే నిర్బంధమయ్యెను.

ఈ జననముల పుస్తకము గ్రామ మునసబు చేతిలో నుండెను. పుట్టుక వార్తను తలారియో, వెట్టివాడో, మంత్రసానియో మోసికొనిరాగా, మునసబు తేదీయు, తండ్రి పేరును, కులమును, శిశువు ఆడయో మగయో యను సంగతియు వ్రాసి, నెలనెలకు లెక్కను తాలూకా కచేరికి పంపెడివాడు. బిడ్డ పేరు అందులో ఉండదు. ఉండుటకు వీలు లేదు. పదునొకండవ నాడో ఇరువది యొకటవ నాడో బారసాల జరుగు దేశములో మూడవనాడు వ్రాసిన పుస్తకమునందు పేరెట్లుండును? ఈ చిన్న సంగతి తెలియక, నేటి వెదకువారు తాతగారి పేరు కొరకు పుటలన్నియు త్రిప్పి, కానరాలేదని నిరాశతో మరలుచున్నారు. వెదకవలసినది ముత్తాత పేరు, ఇంటిపేరుతో సహా. ఆపైన ఫలానా నెలలో ఆయనకు కలిగిన మగశిశువు.

అంతకంటె పెద్ద పొరపాటు ఊరి విషయమున జరుగుచున్నది. మన ఆచారమున తొలి కాన్పు పుట్టింట. ఏడవ నెలనో తొమ్మిదవ నెలనో సూడిదలతో కూతురు పుట్టినింటికి పోవుటయు, మూడవ నెలనో ఐదవ నెలనో చంటిబిడ్డతో అత్తవారింటికి వచ్చుటయు నేటికిని సాగుచున్న సంప్రదాయము. జనన పట్టిక తండ్రి వంశమును, ఆస్తిని, నివాసమును అడుగదు. బిడ్డ ఏ ఊర భూమిని పడినదో అదియే అడుగును. కనుక కుటుంబములోని జ్యేష్ఠుని పుట్టుకను తెలుపు పంక్తి మాతామహుని గ్రామములో నుండును. అతని తమ్ములవి మాత్రము తండ్రి గ్రామములో నుండును. భూమి దస్తావేజులన్నియు తండ్రి ఊరివైపు చూపుచుండగా, పుట్టుక దస్తావేజు అమ్మమ్మ ఊరివైపు చూపుట మన కుటుంబ చరిత్రలలోని ఒక వింత. ఏ ఊరిలో ఘటన జరిగెనో ఆ ఊరిలోనే నమోదు అను సూత్రమును 1969 నాటి జనన మరణ నమోదు చట్టముకూడ నిలుపుకొన్నది.

నిజాము రాజ్యములో దారి వేరు. అచ్చట పట్వారీ భూమి లెక్కలు వ్రాయగా, జనన మరణముల పట్టీ పోలీసు పటేలు వంతు. 1884 ప్రాంతమున పారసీకము స్థానమున ఉర్దూ పరిపాలన భాష యైనది గనుక, తెలుగు రైతు బిడ్డ పుట్టుక ఉర్దూ లిపిలో, ఫసలీ సంవత్సరములలో వ్రాయబడెను. ఆజూరు, దై, బహమను, ఇస్ఫందారు మొదలగు నెలలు గల ఆ రాజ్యపు ఫసలీ అక్టోబరు మాసారంభమున మొదలగును. మద్రాసు వైపు ఫసలీయో జులై 1న మొదలగును. కనుక 1340 ఫసలీ ఆజూరు అని యున్నచో 590 కూడి 1930 అక్టోబరు అనియు, జనవరియు ఆ తరువాతి నెలలునైనచో 591 కూడవలెననియు గ్రహింపవలెను. ఈ లెక్క తెలియని గుమాస్తా ఒక ఏడు హెచ్చుగానో తగ్గుగానో వేసి ఇచ్చిన నకలును కుటుంబములు తరతరములు నమ్ముకొనుట జరుగును.

మూడవ దారియు కలదు. గోదావరి పాయ యొడ్డున గల యానాం ఫ్రెంచివారి ఏలుబడిలో నుండుటచే, అచ్చటి తెలుగు బిడ్డల పుట్టుక ఫ్రెంచి పౌర పట్టికలలో ఫ్రెంచి భాషలోనే వ్రాయబడెను. వ్యక్తిగత ధర్మమును వదలుకొని ఫ్రెంచి పౌరధర్మమును స్వీకరించుటకు 1881 శాసనము అవకాశమిచ్చినది. ఆ విధముగా మారినవారి సంతతి ఫ్రెంచి పౌరసత్వము నిరూపించుకొనుటకు ఆ పట్టికలనే ఆశ్రయించును. యానాం 1954లో భారతదేశమున చేరినను, ఆ పట్టికల ప్రతులు ఫ్రాన్సు దక్షిణమున ఎక్స్ నగరములోని వలసరాజ్య పత్రాగారమున నున్నవి. ఈ ఊరికి మన చరిత్రలో ఇంకొక ఖ్యాతి కలదు. ఆడుపిల్లకు 14, మగవానికి 18 ఏండ్లు నిండనిదే వివాహము చేయరాదని శాసించిన 1929 నాటి శారదా చట్టము 1930 ఏప్రిల్ 1న అమలులోకి రాగా, దానినుండి తప్పించుకొనుటకు ఆంధ్రదేశపు పెద్దలు బాలికలను యానాం తీసికొనిపోయి వివాహములు చేసిరి. అందుచే దానికి కళ్యాణపురమను పేరు వచ్చినది. చట్టము వయస్సు నడుగుట మొదలుపెట్టిన పిమ్మటనే, మునసబు పుస్తకములోని ఆ యొంటి పంక్తికి పల్లెటూరి గృహస్థుడు భయపడుట నేర్చెను.

చర్చి పుస్తకముల విషయమున ఒక హెచ్చరిక చాలును. గుంటూరు లూథరనులవలె శిశువులకు జ్ఞానస్నానము చేయించు సంఘముల పట్టికలలో జన్మదినము దొరకవచ్చును. బాప్టిస్టులు అట్లు గాదు, ఎదిగినవారికే ముంచి స్నానమిత్తురు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర ఒక్క దినమున 2222 మంది జ్ఞానస్నానము పొందిరని ప్రసిద్ధి గాని, ఆ పేర్లనుండి ఎవరి పుట్టినరోజును తేలదు. ఇక నటాలుకు, మారిషసుకు కూలీలుగా పోయిన తెలుగువారి మునిమనుమలు నేడు తమ మూలగ్రామము వెదకుచు వచ్చినపుడు, మన మునసబు పుస్తకములు వారికి ఉపయోగపడవు. ఆ పెద్దలలో పలువురు ఆ పుస్తకములకు ముందే పుట్టిరి. 1860లో ట్రూరో ఓడ మద్రాసు నుండి మొదటి కూలీలను డర్బను చేర్చిన నాటినుండి ఓడ ఎక్కిన ప్రతివాని పేరు, తండ్రి పేరు, వయస్సు, జిల్లా, తాలూకా, గ్రామము వ్రాసిన వలస పత్రములే వారికి శరణ్యము. మారిషసువారి పత్రములు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో భద్రముగా నున్నవి.

మనవారిలో అధిక సంఖ్యాకులకు పుట్టినరోజు నిచ్చినది మాత్రము వీరెవ్వరును గారు, బడిపంతులు. 1911లో మద్రాసు రాజధానిలో వచ్చిన ఎస్.ఎస్.ఎల్.సి. పుస్తకములో వేసిన తేదీయే ఉద్యోగమునకు, పింఛనునకు ప్రమాణమైనందున, బడిలో చేర్చునాడు పంతులుగారు బిడ్డ యెత్తును పండ్లను చూచి వేసిన తేదీ శిలాశాసనమైనది. ఆ తరపు పెద్దలలో జులై 1న పుట్టినవారు ఇందరుండుట జ్యోతిషమునకు అందని విషయము. ఉద్యోగములో చేరిన పిమ్మట తేదీ మార్పించుకొనుటను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 1984 నాటి నిబంధనలచే మిక్కిలి కట్టుదిట్టము చేసెను. అదే సంవత్సరము జనవరిలో కరణము, మునసబు, పటేలు, పట్వారీ ఉద్యోగములు రద్దైనవి. రద్దును నేను తప్పుపట్టను. కాని తరములుగా ఒకే ఇంట నుండిన పుస్తకములు ఆ తొందరలో చేతులు మారిన తీరు మాత్రము విచారింపదగినది.

నేటి విధానము 1969 చట్టమునుండి వచ్చినది. జననమును 21 దినములలోపల తెలుపవలెను. సంవత్సరము దాటినచో న్యాయాధికారి యుత్తర్వు కావలెనని తొలుత నుండగా, 2023 సవరణచే ఆ అధికారము జిల్లా మేజిస్ట్రేటునకును, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటునకును, అధికారము పొందిన కార్యనిర్వాహక మేజిస్ట్రేటునకును వచ్చినది. పేరు లేక నమోదైన బిడ్డకు పేరు చేర్చుటకు పదునైదేండ్లవరకు వీలున్నది. ఇటీవలి జననములకు పంచాయతి కార్యదర్శిని, పురపాలక కార్యాలయమును, లేదా మీసేవను అడుగవలెను. పాత పుస్తకములకు తహసీలుదారు కచేరిని అడుగవలెను. రుసుము చెల్లించి పట్టికను వెదకించి నకలు కోరు హక్కు ఎవరికైనను కలదు. అనుకొన్న సంవత్సరమే గాక ముందువెనుకల ఏండ్లను గూడ వెదకుమని వ్రాతపూర్వకముగా కోరుట మేలు. పట్టికలో లేదని తేలినచో నాన్ అవైలబిలిటీ పత్రమును పుచ్చుకొని, దానితో ఆలస్యపు నమోదునకు పోవలెను. 2023 అక్టోబరు 1న, ఆ తరువాత పుట్టినవారికి బడికిని, ఓటునకును, ఉద్యోగమునకును ఈ పత్రమే ఆధారమగుటచే, తరువాతి తరమునకు ఈ వెదకులాట యుండదు.

పాత పుస్తకముల మాట వేరు. తెలంగాణ పట్టీలలోని గొలుసుకట్టు ఉర్దూ చదువగలవారు ఏటికేడు తగ్గిపోవుచున్నారు. వారుండగనే ఆ పుటలకు ఛాయాచిత్రములు తీయించి, తేదీలను క్రీస్తుశకములోనికి మార్పించి భద్రపరచుమని రెండు తెలుగు రాష్ట్రముల ప్రభుత్వములను కోరుచున్నాను. చదువరులను కోరునది ఇంకను సులభము: మీ అమ్మగారు జీవించియున్నచో, తన బిడ్డలలో ఒక్కొక్కరిని ఏ ఊరిలో కన్నదో నేడే అడిగి వ్రాసి యుంచుడు.