పంజరపు చిలుక ఈకలు పీకికొనుట

పంజరములోని చిలుక తన ఱొమ్ముమీది ఈకలను తానే ముక్కుతో పీకివేసికొనుట పక్షులను పెంచువారు ఎరిగిన వ్యాధియే. పీకునపుడు నొప్పి కలుగును, ఒక్కొక్కసారి నెత్తురును వచ్చును. అయినను పక్షి మానదు. ఏల మానదో గ్రహించుటకు మానవునకు చాలకాలము పట్టినది.

చిలుకను పెంచుట మన దేశమున మిక్కిలి ప్రాచీనము. క్రీ.పూ. 5వ శతాబ్దిలో పారశీక రాజాస్థాన వైద్యుడైన క్టీసియస్ అను గ్రీకు దేశీయుడు, మనుష్యునివలె మాటలాడు హిందూదేశపు పక్షిని గూర్చి వ్రాసెను. ఎరుపు, ఊదా కలిసిన తలగల చిన్నచిలుకయే అది యని కొందరి ఊహ. ఆ జాతి విశాఖపట్టణమునకు పడమటనున్న తూర్పు కనుమలలో నేటికిని కలదు. ఆ కనుమల పక్షులను విశాఖవాసియగు కె.ఎస్.ఆర్. కృష్ణరాజు, అమెరికా శాస్త్రజ్ఞుడు డిల్లన్ రిప్లీ మొదలగువారు 1980 దశకమున వివరముగా వర్ణించిరి.

ఈకలు లేని పక్షిని చూడగానే పేలు పట్టినవనుకొనుట సహజము. కాని అన్ని బోడిపక్షులును ఒక్కటి కావు. ఆస్ట్రేలియాలో అడవి చిలుకలే ఈకలు కోల్పోవుచున్నవని ఎడ్విన్ ఆష్బీ 1907లో తెలిపెను. అది వైరస్ వలన కలుగు రోగమని 1980 దశకమున తేలినది. దానికి నేటికిని మందు లేదు. ఈ రెంటిని వేరుచేయుటకు చక్కని గుర్తు ఒకటి కలదు. పక్షి ముక్కు తన తలకు అందదు. కనుక ఒడలెల్ల బోడియై తలపై మాత్రము ఈకలు నిండుగా నున్నచో, పీకినది ఆ పక్షియే! తల కూడ బోడియైనచో రోగమునో, తోటి పక్షినో అనుమానింపవలెను.

మరి తానేల పీకికొనును? కొండలలోని చిలుక పగటిలో చాలభాగము చెట్టునుండి చెట్టునకు, చేనునుండి చేనునకు మేతకై తిరుగును. పంజరములో గిన్నెడు గింజలు కొద్ది నిమిషములలో ముగియును. మిగిలిన పొద్దంతయు ముక్కునకు పని లేదు. అమెరికాలో డేవిస్ నగరమునందలి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమువారు ఈ సంగతిని పరీక్షించి 2003లో ప్రకటించిరి. కొన్ని అమెజాన్ చిలుకపిల్లలకు వెదకి, విప్పి తినవలసిన మేతను, ఎక్కి ఆడుకొను కొమ్మలను ఇచ్చిరి. కొన్నిటిని ఉత్త పంజరములలో ఉంచిరి. మొదటివాని ఈకలు చక్కగా నిలిచినవి. పిమ్మట రెండవవానికిని అవే సౌకర్యములు కల్పింపగా వాని ఈకలును బాగుపడినవి. ఔషధములకన్న ఈ ప్రయోగమే విలువైనదని చెప్పవచ్చును. 2004లో క్లోమిప్రమిన్ అను మానసికవ్యాధుల మందు కాకటూలకు కొంత మేలు చేసినదని తేలినది. కాని పంజరము మారదు గదా! మెడకు పట్టీ కట్టుట పీకుటను ఆపునేగాని కారణమును తొలగింపదు. ఉత్త గింజల మేతవలన కలుగు ఎ విటమిన్ లోపమును, చర్మరోగములను పశువైద్యుడు మొదట పరీక్షింపవలెను.

మన రామచిలుక సంగతి వేరు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద దానిని ఇంట పెంచుట నేరము. 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము దానినే రాష్ట్రపక్షిగా ప్రకటించినది. ఈకలు లేని చిలుకను బయట విడిచినచో ఎగురలేక పిల్లి వాత పడును. కనుక అటవీశాఖవారికి అప్పగింపవలెను. అదియు ఆలస్యము చేయరాదు. పలుమార్లు పీకినచోట ఈక మొలచు కూపము చెడిపోయినచో, పక్షికి ఎంత మంచి చోటు దొరకినను అక్కడ మరల ఈక రాదు.